చెప్పేశాక మిగలని భయం: ఆన్‌లైన్ ఔత్సాహిక హారర్ చిత్రాల బలాబలాలు

చేతిలో డబ్బు లేనివాడు దెయ్యం సినిమా తీయాలనుకుంటే మొదట వదులుకోవలసి వచ్చేది దెయ్యాన్నే. మేకప్‌కు సొమ్ము ఉండదు, గ్రాఫిక్స్‌కు ఉండదు, సెట్ మాట సరేసరి. ఉండేదల్లా ఒక ఇల్లు, ఒక కెమెరా, అడగ్గానే వచ్చి నటించే ఇద్దరు ముగ్గురు స్నేహితులు. 2009 నుంచి యూట్యూబ్ ప్రేక్షకుల కోసమే తయారైన ఔత్సాహిక హారర్ చిత్రాలలో నిలబడినవి ఈ లేమినే కథనపద్ధతిగా మలుచుకున్నాయి. వాటిలో దెయ్యం కనిపించకపోవడమే భయానికి మూలం. ఇక దెబ్బతిన్న చిత్రాలను వరుసగా చూస్తే ఒక సంగతి తేటపడుతుంది. వాటిని దెబ్బతీసింది డబ్బు లేకపోవడం కన్నా, ఆ పద్ధతి మీద నమ్మకం సడలి వివరణకు దిగడం. ఈ వ్యాసం ప్రతిపాదించేది ఇదే.

ఈ దారికి పూర్వరూపాలు లేకపోలేదు. ‘ది బ్లెయిర్ విచ్ ప్రాజెక్ట్’ (1999) దర్శకులు డేనియల్ మైరిక్, ఎడ్వార్డో సాంచెజ్ తమ కల్పిత విద్యార్థులు నిజంగానే తప్పిపోయారని నమ్మించే వెబ్‌సైట్ నడిపారు. ఓరెన్ పెలీ శాన్ డియేగోలోని సొంత ఇంట్లో సుమారు 15 వేల డాలర్లతో ‘పారానార్మల్ యాక్టివిటీ’ (2007) తీశాడు. అయితే ఆ రెండూ చివరికి చేరింది థియేటర్‌కే. వందమంది మధ్య కూర్చున్న ప్రేక్షకుడికి పక్కవాడి నవ్వే ధైర్యం. ఆన్‌లైన్ చిత్రాన్ని చూసేవాడు సాధారణంగా ఒక్కడే ఉంటాడు, చెవిలో ఇయర్‌ఫోన్లు ఉంటాయి, తెర అరచేతిలో ఉంటుంది. అతను కూర్చున్న గది, చిత్రంలోని గది ఇంచుమించు ఒకేలా ఉంటాయి. రాజుల కోటలూ పాడుబడ్డ బంగళాలూ ఇవ్వలేని సామీప్యం ఇది. ఔత్సాహిక చిత్రానికి అప్పనంగా దక్కిన మొదటి బలం ఇదేనని నా అభిప్రాయం.

స్వీడన్‌కు చెందిన డేవిడ్ ఎఫ్. శాండ్‌బర్గ్ 2013లో తీసిన ‘లైట్స్ అవుట్’ను ఇక్కడ కాస్త దగ్గరగా చూడాలి. నిడివి మూడు నిమిషాల లోపు. నటి ఒక్కరే, శాండ్‌బర్గ్ భార్య లొట్టా లోస్టెన్. బ్లడీ కట్స్ అనే బ్రిటిష్ బృందం పెట్టిన పోటీ కోసం సొంత ఇంట్లోనే తీశారు. మాటలు లేవు. పడుకోబోతున్న ఆవిడ వరండా లైటు ఆర్పుతుంది. చీకట్లో అటు చివర ఎవరిదో ఆకారం. లైటు వేస్తే ఎవరూ లేరు. ఆర్పితే ఉంది. వేస్తే లేదు. మరోసారి ఆర్పేసరికి ఆకారం ఆవిడ ముఖం ముందే ఉంటుంది. ఆవిడ స్విచ్ మళ్లీ పడిపోకుండా దానిమీద టేపు అంటించి వెళ్లి దుప్పటి ముసుగేసుకుంటుంది.

ఈ టేపు దగ్గర ఆగాలి. ఆవిడ అరవలేదు, పారిపోలేదు, దేవుణ్ణి తలుచుకోలేదు. ఇంట్లో అందరికీ అందుబాటులో ఉండే వస్తువుతో తనకు తోచిన పని చేసింది. ఆ పని ఎంత మామూలుదో మనకు తెలుసు గనకే అది ఏ మూలకూ చాలదని కూడా తెలిసిపోతుంది. కథ, పాత్ర, గతం అన్నీ ఆ ఒక్క చర్యలో ఉన్నాయి. చిత్రానికి ఉన్నది ఒకే నియమం, వెలుగులో అది ఉండదు. చివరి క్షణంలో ఆ నియమం కూడా తప్పుతుంది. వెలుగుతున్న దీపం పక్కనే నవ్వుతూ కనిపించిన ఆకారం తానే దీపం ఆర్పేస్తుంది. ఎందుకు, ఎవరు అనే ప్రశ్నలకు ఇందులో చోటే లేదు.

అదే ఆలోచనతో జేమ్స్ వాన్ నిర్మాతగా 2016లో పూర్తి నిడివి సినిమా వచ్చింది, వసూళ్లూ బాగా తెచ్చుకుంది. కానీ ఆకారానికి డయానా అనే పేరు పెట్టారు. మానసిక చికిత్సాలయంలో గడిచిన బాల్యం, వెలుగు పడని చర్మవ్యాధి, వికటించిన వైద్యం వచ్చి చేరాయి. ప్రతి వివరమూ తర్కానికి సరిపోతుంది. చూస్తున్నంతసేపూ అది ఎవరో మనకు తెలుసు, తెలిసినకొద్దీ దాని మీద జాలి కలుగుతుంది. జాలి చెడ్డదని కాదు. మూడు నిమిషాల చిత్రం పెట్టిన భయం మాత్రం అక్కడ లేదు.

నోయెల్ కారోల్ ‘ది ఫిలాసఫీ ఆఫ్ హారర్’ (1990)లో హారర్ ఇచ్చే ఆనందానికి కారణాన్ని కథనంలోనే వెతికాడు. ఉండకూడని ప్రాణి ఉందని తెలియడం, ఆధారాలు దొరకడం, లోకాన్ని నమ్మించడం, ఎదిరించడం అనే క్రమంలో మన కుతూహలం తృప్తి పడుతుందని ఆయన వాదన. స్టూడియో సినిమాలకు ఈ నమూనా చక్కగా అమరుతుంది. ఆన్‌లైన్ ఔత్సాహిక చిత్రానికి వచ్చేసరికి దీన్ని సవరించుకోవాలి. ఇక్కడ కనుగొనడం మొదలవుతుందే గాని ముగియదు. ఆధారం దొరుకుతుంది, అది దేనికి ఆధారమో తెలియదు. కుతూహలాన్ని తృప్తి పరచకుండా వదిలేయడంలోనే ఈ రకం చిత్రం బతుకుతోంది. కారోల్ చెప్పిన క్రమాన్ని చివరిదాకా నడపాలని చూసినప్పుడల్లా అది చతికిలబడింది.

దీనికి అన్నిటికన్నా పెద్ద ఉదాహరణ ‘మార్బుల్ హార్నెట్స్’. అమెరికాలోని అలబామాకు చెందిన ట్రాయ్ వాగ్నర్, జోసెఫ్ డిలాజ్ మొదలైన మిత్రులు 2009 జూన్‌లో యూట్యూబ్‌లో మొదలుపెట్టిన సీరియల్ ఇది. సరిగ్గా అదే నెలలో ఎరిక్ నడ్సన్ అనే వ్యక్తి రెండు ఫొటోలలో పొడవాటి, ముఖంలేని మనిషిని అతికించి స్లెండర్ మ్యాన్ అన్నాడు. అతణ్ణే ఈ మిత్రులు ‘ఆపరేటర్’ చేసుకున్నారు. కథ చాలా చిన్నది. అలెక్స్ అనే కుర్రాడు కాలేజీ సినిమా తీస్తూ మధ్యలో మానేసి, టేపులన్నీ స్నేహితుడు జే చేతిలో పెట్టి ఊరు విడిచి వెళతాడు. ఆ టేపులలో వింత అనిపించిన ముక్కలను జే ‘ఎంట్రీ’ల పేరుతో ఒక్కొక్కటే అప్‌లోడ్ చేస్తుంటాడు.

ఈ ఏర్పాటులోని తెలివిని తక్కువగా అంచనా వేయకూడదు. నటన పేలవంగా ఉందా? అది కాలేజీ పిల్లలు తీసిన సినిమా కాబట్టి అలా ఉంది. ఫ్రేమ్ వంకరగా ఉందా? కెమెరా పట్టుకున్నవాడు పరిగెడుతున్నాడు. ముక్కకూ ముక్కకూ పొంతన లేదా? టేపులు అలాగే దొరికాయి. ఔత్సాహికత వల్ల వచ్చే ప్రతి లోపానికీ కథలోనే జవాబుంది. ఆపరేటర్ దగ్గరికి వచ్చినప్పుడల్లా బొమ్మ చిరిగి, శబ్దం గరగరమంటుంది. సూటు తొడుక్కున్న మనిషిని ఎక్కువసేపు చూపిస్తే నవ్వొస్తుందని వాళ్లకు తెలుసు. ఆ చిరుగు అతణ్ణి దాస్తుంది, అతని రాకనూ తెలుపుతుంది. కొన్నాళ్లకు మనిషి కనిపించనక్కర్లేదు, శబ్దంలో చిన్న గరగర వినబడితే చాలు.

కాలాన్ని వాడుకున్న తీరు మరీ గొప్పది. 2010లో మొదటి భాగం ముగిశాక నెలల తరబడి కొత్త వీడియో రాలేదు. తిరిగి వచ్చినప్పుడు జే ఒక హోటల్ గదిలో నిద్రలేస్తాడు, గడిచిన నెలలు అతనికి జ్ఞాపకం లేవు. చిత్రీకరణకు పడిన విరామం పాత్ర మతిమరుపుగా మారింది. ప్రేక్షకుడు నిజంగా ఎదురుచూసిన కాలమే కథలో పోయిన కాలం. రెండు గంటల సినిమాకు సాధ్యంకాని పని ఇది. ‘టుదార్క్’ అనే వేరే ఛానెల్ నుంచి ఎవరో జే వీడియోలకు సంకేతాలతో జవాబులివ్వడం కూడా ఆన్‌లైన్ మాధ్యమంలోనే పుట్టగల శిల్పం.

అయితే ఈ సీరియల్ 2014 జూన్ దాకా, 87వ ఎంట్రీ దాకా సాగింది. సాగినకొద్దీ కథలోకి వచ్చిన ముసుగు మనుషులెవరో తేల్చవలసి వచ్చింది, తుపాకి వచ్చింది, ఎవరు ఎవరిని మోసం చేశారన్న లెక్కలు వచ్చాయి. పేలవమైన నటనకు మొదట్లో దొరికిన సాకు ఇప్పుడు చెల్లదు, ఎందుకంటే ఇప్పుడు పాత్రలు నిజంగానే వాదించుకోవాలి, ఏడవాలి. ఆ భారం మోయడానికి శిక్షణ కావాలి. చివరి భాగాలలో కదిలించే ఘట్టాలు ఉన్నాయి. అవి స్నేహం చెడిన కథగా కదిలిస్తాయి. వణికించే శక్తి మొదటి ఇరవై ఎంట్రీలకే ఎక్కువ.

ముఖంలేని ఆ మనిషి వ్యాపించిన తీరు తెలుగువారికి అర్థంకాని సంగతేమీ కాదు. ఇంటి తలుపుల మీద ‘ఓ స్త్రీ రేపు రా’ అని రాసుకున్న రోజులు మన ఊళ్లకు గుర్తే. ఆ వదంతికి కర్త లేడు, పూర్తి కథ లేదు. ఎవరు వస్తారో ఎందుకు వస్తారో ఒక్కో వాడలో ఒక్కోలా చెప్పుకున్నారు. తలుపు మీది సుద్దరాత మాత్రం కళ్లెదుట ఉంది. ఆన్‌లైన్ హారర్ పనిచేసేదీ ఇలాగే. ఆధారం చూపిస్తుంది, కథను చూసేవాళ్లకు వదిలేస్తుంది.

వదంతికి ఉన్న ప్రమాదం కూడా దీనికి సంక్రమించింది. 2014 మేలో అమెరికాలోని వాకెషా పట్టణంలో పన్నెండేళ్ల బాలికలు ఇద్దరు తోటి బాలికను కత్తితో పొడిచారు. స్లెండర్ మ్యాన్ కోసమే ఆ పని చేశామని చెప్పారు. గాయపడిన బాలిక బతికింది. ఆ కేసులో మానసిక అనారోగ్యం ముఖ్యమైన అంశమని న్యాయస్థానంలో తేలింది, ఒక కల్పిత పాత్ర మీద ఆ నేరం మోపడం సబబు కాదు. అయినా ‘ఇది నిజం’ అన్న భంగిమనే పెట్టుబడిగా పెట్టుకున్నవాళ్లు పిల్లలు కూడా చూస్తున్నారన్న స్పృహతో పనిచేయాలి. థియేటర్‌లో టికెట్టు, సెన్సార్ సర్టిఫికెట్, పేర్ల జాబితా కలిసి ఇది కల్పన అని గుర్తుచేస్తుంటాయి. ఆన్‌లైన్‌లో ఆ చట్రం లేదు. కల్పన అని ఎక్కడో ఒకచోట స్పష్టంగా చెప్పినంతమాత్రాన కళకు వచ్చే నష్టం లేదని నేను గట్టిగా నమ్ముతాను.

ఇక ధ్వని. ఔత్సాహిక చిత్రాలలో అసలైన పేదరికం బొమ్మలో కన్నా ఇక్కడే బయటపడుతుంది. కెమెరా లోపలి మైకుతో రికార్డు చేసిన మాటలు గదిలో ప్రతిధ్వనిస్తాయి, షాటు మారగానే వెనకనున్న ఫ్యాన్ హోరు కూడా మారిపోతుంది. ఉచితంగా దొరికే అవే కేకలు, అవే వయొలిన్ జీరలు ప్రతి చిత్రంలోనూ వినబడతాయి. పైగా జంప్ స్కేర్. నిశ్శబ్దం తర్వాత ఒక్కసారిగా చెవులు చిల్లులుపడే మోత పెడితే ఎవరైనా ఉలిక్కిపడతారు. ఉలికిపాటు శరీరం చేసే పని, దానికి కథ అక్కర్లేదు. మొదటి నిమిషం దాటకముందే ప్రేక్షకుడు వెళ్లిపోతాడన్న ఆదుర్దాతో ఆ మోతను ముందుకు జరపడం, థంబ్‌నెయిల్ మీదే దెయ్యం ముఖం వేసేయడం ఈ రంగానికి పట్టిన చీడ. మిషెల్ షియోన్ సినిమాలో కంఠస్వరం గురించి రాస్తూ, మనిషి కనబడకుండా గొంతు మాత్రమే వినబడినప్పుడు ఆ గొంతుకు అంతటా ఉన్నట్టూ అన్నీ తెలిసినట్టూ ఒక అధికారం వస్తుందని, మనిషి కనబడగానే ఆ అధికారం పోతుందని విశ్లేషించాడు. ఖర్చులేని ఈ ఉపాయం కుర్రదర్శకుల చేతిలోనే ఉంది. వాడుకునేవాళ్లు తక్కువ.

వాడుకున్నవాళ్లలో కెనడాలోని ఎడ్మంటన్‌కు చెందిన కైల్ ఎడ్వర్డ్ బాల్ ఒకడు. ప్రేక్షకులు చెప్పిన పీడకలలను చిన్నచిన్న చిత్రాలుగా తీసి తన యూట్యూబ్ ఛానెల్‌లో పెట్టేవాడు. ఇంట్లో తామొక్కరే ఉన్నట్టు, అమ్మానాన్నలు కనబడనట్టు, ఏదో ముప్పు పొంచి ఉన్నట్టు చిన్నప్పుడు కల వచ్చిందని చాలామంది చెప్పడం గమనించాడు. 15 వేల డాలర్లతో, తాను పెరిగిన ఇంట్లోనే ‘స్కినమరింక్’ తీశాడు. కెమెరా పైకప్పు మూలలనూ, గోడ అడుగునూ, నేలమీది బొమ్మలనూ చూస్తూ ఉంటుంది, పిల్లల ముఖాలు దాదాపు కనబడవు, గుసగుసలు సబ్‌టైటిల్ ఉంటేనే తెలుస్తాయి. 2023లో థియేటర్లకు వచ్చిన ఈ చిత్రం కొందరిని నిద్రపోనివ్వలేదు, కొందరిని హాల్లోనే నిద్రపుచ్చింది. ఇద్దరి స్పందనా న్యాయమైనదే. గంటా నలభై నిమిషాలు గోడను చూపించడానికి కావలసిన ఉత్కంఠ అందులో గంటకు మించి లేదు.

కేన్ పార్సన్స్ 2022 జనవరిలో ‘ది బ్యాక్‌రూమ్స్’ పెట్టినప్పుడు అతనికి పదహారేళ్లు. పసుపు గోడల ఖాళీ గదుల ఫొటో ఒకటి 2019లో ఆన్‌లైన్‌లో బాగా ప్రచారంలోకి వచ్చింది. అది విస్కాన్సిన్‌లోని ఆష్‌కాష్‌లో మరమ్మతులు జరుగుతున్న ఒక దుకాణమని 2024లోగాని తెలియలేదు. ఆ గదులను పార్సన్స్ బ్లెండర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో కంప్యూటర్‌లో కట్టాడు. తొమ్మిది నిమిషాల ఆ చిత్రంలో ట్యూబ్‌లైట్ల ఝుంకారం, కెమెరా పట్టుకున్నవాడి ఊపిరి, మలుపు తర్వాత మలుపు ఉన్నంతసేపూ ఊపిరాడదు. తీగలు చుట్టినట్టున్న ప్రాణి వెంటపడగానే పట్టు కాస్త సడలుతుంది. తర్వాతి భాగాలలో అసింక్ అనే పరిశోధన సంస్థను తెచ్చి అతను చేసిన పని నా ప్రతిపాదనకు ఒక సవరణ కోరుతోంది. అవీ వివరణలే, కానీ మనుషులు ఆ చోటుతో ఏం చేశారో చెబుతాయి. ఆ చోటు ఏమిటో చెప్పవు. వివరణలన్నీ ఒక రకం కావు, తెలియనిదాన్ని ఇంకా పెద్దది చేసే వివరణలూ ఉన్నాయి. ఏ24 సంస్థ పార్సన్స్‌తోనే పూర్తి సినిమా తీయించడానికి 2023లో ముందుకు రావడానికి ఈ నిగ్రహం కూడా కారణమై ఉండాలి.

అతని వెంటపడి వచ్చిన అనుకరణల గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. వీహెచ్‌ఎస్ టేపు ఎప్పుడూ చేతపట్టనివాళ్లు దాని గీతలను ఫిల్టర్‌గా అద్దుతున్నారు. ‘మార్బుల్ హార్నెట్స్’లో చిరుగుకు అర్థం ఉంది, వీటిలో అది అలంకారం.

తెలుగు కుర్రదర్శకులకు యూట్యూబ్ షార్ట్ ఫిల్మ్ కొత్త కాదు. తరుణ్ భాస్కర్, సుజీత్ వంటివారు ఆ మెట్టు మీదుగానే పెద్ద సినిమాకు చేరారు. ధ్వనితో భయపెట్టడానికి ‘రాత్రి’ (1992) అనే పాఠం మనకు ఇంట్లోనే ఉంది. చిక్కంతా ఫ్లాష్‌బ్యాక్ దగ్గర. చనిపోయిన మనిషి పగ అనే గతం ‘అరుంధతి’ (2009)కి ప్రాణం, ఎందుకంటే అది తరాలు దాటిన పగ కథ, దానికి తగ్గ నిడివీ ఉంది. అదే గతాన్ని పదినిమిషాల చిత్రంలో ఇరికిస్తే సగం సమయం ఎవరు ఎవరిని చంపారో చెప్పడానికే సరిపోతుంది. ఆ సగాన్ని ఎడిటింగ్‌లో కోసి పక్కన పెట్టి, మిగిలినదాన్ని ఇయర్‌ఫోన్లతో ఒక్కసారి వినమనడం కొత్తగా తీసేవారికి నేనివ్వగల సూచన. కరెంటు పోగానే మొదలయ్యే ఇన్వర్టర్ బీప్, మేడమీద ఎవరూ లేనప్పుడు వినిపించే కుర్చీ ఈడ్పు, గిలక తిరిగిన చప్పుడు మన ఇళ్లలోనే ఉన్నాయి. వాటిని విడిగా, మంచి మైకుతో రికార్డు చేసుకోవడానికి అయ్యే ఖర్చు దెయ్యం మేకప్ కన్నా తక్కువ.