మెట్టు కింది ఖాళీ

గిటార్ మెడ మీద మెట్టుకీ మెట్టుకీ మధ్యనున్న చెక్కను చిన్న చిన్న గుంటల్లా తవ్వించుకుని వాయించేవాళ్లున్నారు. స్కాలప్డ్ ఫ్రెట్‌బోర్డ్ అంటారు దాన్ని. రాక్ సంగీతం వినేవాళ్లకి ఈ మాట చెప్పగానే డీప్ పర్పుల్ గిటారిస్టు రిచీ బ్లాక్‌మోర్, స్వీడన్‌కి చెందిన ఇంగ్వే మాల్మ్‌స్టీన్ గుర్తొస్తారు. నాకు మాత్రం మూడో మనిషి సంగతి తెలిశాక నిద్ర పట్టలేదు. గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్ అమెరికాలో వెస్లియన్ విశ్వవిద్యాలయంలో కర్ణాటక సంగీత విద్వాంసుడు ఎస్. రామనాథన్ దగ్గర కూర్చుని వీణ నేర్చుకున్నాడు. తర్వాత 'శక్తి' బృందంలో వాయించడానికి అబ్రహాం వెక్టర్ అనే పనివాడి చేత గిబ్సన్ గిటార్ ఒకటి ప్రత్యేకంగా చేయించుకున్నాడు. దానికి శ్రుతి కోసం అడ్డంగా ఏడు తీగలు, మెట్ల మధ్య తవ్విన గుంటలు.

వీణ మెట్ల దగ్గరికి కన్ను పెట్టి చూసినవాళ్లకి ఆ గుంటలు ఎందుకో వెంటనే తెలిసిపోతుంది. వీణ దండి పొడవునా బొగ్గుపొడి కలిసిన నల్లటి మైనంతో రెండు గట్లు పోస్తారు. కంచు మెట్లు ఆ గట్ల మీద కూర్చుంటాయి. రెండు గట్లకీ మధ్య ఏమీ ఉండదు. తీగను నొక్కిన వేలికి కింద తగిలేది గాలే. అందువల్లే వేలు తీగను గట్టిగా పట్టుకుని పక్కకి ఎంత దూరమైనా లాగగలదు. మామూలు గిటార్ మీద లాగుతుంటే వేలి కొస చెక్కకి రాసుకుంటుంది, పట్టు జారుతుంది. చెక్క తవ్వేస్తే ఆ రాపిడి పోతుంది. కాకపోతే చెయ్యి బరువైతే ప్రమాదం: కిందికి కాస్త ఎక్కువ నొక్కినా స్వరం పైకి ఎగబాకుతుంది.

లాగడం అంటే తేలిక పనేం కాదు. ఒకే మెట్టు మీద షడ్జం నుంచి చతుశ్రుతి రిషభానికి వెళ్లాలంటే తీగ బిగువు సుమారు 27 శాతం పెరగాలి. అదే మెట్టు మీద పంచమం దాకా లాగాలంటే బిగువు రెండుంపావు రెట్లు కావాలి. వైణికుల ఎడమచేతి చూపుడు వేలికీ మధ్య వేలికీ తీగ కోసిన గాట్లు కాయలు కట్టి ఉండేది ఇందుకే.

బిగువుతో స్వరం పలికించడం తెలుసుకోవడానికి మా శ్రీకాకుళం జిల్లా రావివలస వాళ్లు అమెరికా దాకా వెళ్లక్కర్లేదు. ఉత్తరాంధ్ర జముకుల కథ విన్నవాళ్లకి జముకు తెలుసు. చర్మం మధ్యలోంచి వచ్చే ఒకే ఒక్క తీగ, దానికి మెట్లు లేవు, మెడ లేదు. మీటుతూ తీగను బిగించడం, వదలడం, అంతే. అది మాట్లాడుతుంది, దెప్పుతుంది, ఏడుస్తుంది. టెక్కలి, పలాస వైపు పెరిగిన చెవికి స్వరం వంగడం కొత్త కాదు. కథ చెప్పేవాళ్లకి పిలుపులు తగ్గి, ఇప్పుడు పండగల్లో కీబోర్డు వినిపిస్తోంది. దాని మీద స్వరం ఎక్కడ పుడితే అక్కడే ఉంటుంది. ఆకాశవాణి 1940లో హార్మోనియాన్ని నిషేధించి 1971 దాకా పక్కన పెట్టిందంటే ఆ కారణమూ ఒకటి: దాని మెట్టు కదలదు, గమకం పలకదు. నిషేధం నాకు నచ్చదు గానీ, ఆ బాధ మాత్రం అర్థమవుతుంది.

ఇక నాకు ప్రాణమైన కాలం గురించి చెప్పాలి. 1550లో విజయనగరంలో అళియ రామరాయల దగ్గర రామామాత్యుడు 'స్వరమేళకళానిధి' రాశాడు. వీణ మీద మెట్లు ఎక్కడెక్కడ పెట్టాలో లెక్క కట్టాడు. అప్పట్లో రెండు రకాల వీణలు. ఒకదాని మీద రాగం మారినప్పుడల్లా మెట్లు జరపాలి. రెండోదాని మీద అన్ని రాగాలకీ మెట్లు ముందే ఉంటాయి. 1609లో ఆంధ్రదేశపు సోమనాథుడు 'రాగవిబోధం'లో ఇంకో ముచ్చటైన పని చేశాడు. తీగను ఎలా మీటాలి, ఎలా జార్చాలి, ఎలా లాగాలి అన్నదానికి గుర్తులు కల్పించి, రాగాలకి ఆ గుర్తులు పెట్టి రాశాడు. వేలు చేసే పనిని కాగితానికి ఎక్కించిన మనిషి! నాలుగొందల ఏళ్ల తర్వాత కూడా ఆ గుర్తులు చూస్తే లాగిన తీగ లాగినట్టే కళ్లకి కడుతుంది.

అదే సమయంలో తంజావూరులో రఘునాథ నాయకుడు రాజు. తెలుగులో కావ్యాలు రాసేవాడు, స్వయంగా వైణికుడు. మంత్రి గోవింద దీక్షితులు, ఆయన కొడుకు వేంకటమఖి. కవులు, వైణికులు, శాస్త్రకారులు ఒకే కొలువులో ఉన్న రోజులవి. ఆ కొలువులో స్థిరపడిన 24 మెట్ల వీణకే రఘునాథ వీణ అని పేరు. నాలుగు తీగలు వాయించడానికి, మూడు తాళానికి. వేంకటమఖి తర్వాత 'చతుర్దండి ప్రకాశిక'లో ఆ వీణ గురించి చెప్పాడు, 72 మేళాల లెక్కా అందులోనే తేల్చాడు. మెట్లు బిగిస్తే రాగాల సన్నని ఛాయలన్నీ పోవాలి. పోలేదు. మెట్టును స్థిరం చేశారు గానీ దాని ఎత్తు తగ్గించలేదు. బిగింపు వల్ల పోయినదాన్ని వేలు లాగి తిరిగి తెచ్చుకుంది. ఐరోపాలో ల్యూట్‌కి పేగు తాళ్లతో కట్టిన మెట్లుండేవి, జరుపుకునే వీలుండేది. గిటార్‌కి లోహపు మెట్లు బిగించాక అవి చెక్కకి దగ్గరగా అణిగిపోయాయి. వాళ్లు ఆ ఎత్తు వదులుకోవడమే నష్టమని నా నమ్మకం. 1673లో విజయరాఘవ నాయకుడు యుద్ధంలో చనిపోవడంతో ఆ కొలువు చెదిరిపోయింది. అంతటి కొలువు మళ్లీ మనకి దక్కలేదు.

ఆ తర్వాతి శతాబ్దాలు దాటుకుని మన వైపుకి వస్తే, బొబ్బిలి. పక్కనున్న గొల్లపల్లిలో సర్వసిద్ధి ఇంటిపేరు వాళ్లు ఒకే పనస మొద్దును తొలిచి కుండ, దండి కలిపి వీణ చేస్తారు. ఏకాండి వీణ అంటారు. పనస అంటే పలాస చుట్టుపక్కల మా ఉద్దానానికి కొబ్బరి, జీడి తర్వాత అంతటి చెట్టు. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను ఈ మూడింటినీ వేళ్లతో సహా పెకలించింది. చెట్లకి పరిహారం లెక్క కట్టారు. ముదిరిన పనస మానులో దాగిన నాదానికి ఏ లెక్కా లేదు. బొబ్బిలిలోనూ ఇప్పుడు ఎక్కువగా అమ్ముడయ్యేవి సన్మానాల్లో చేతికిచ్చే చిన్న వీణలు, వాయించడానికి పనికిరానివి. పనివాళ్ల పొట్ట నిండుతోంది, సంతోషమే. కచేరీ వీణ అడిగేవాళ్లు తగ్గడం నాకు దిగులు.

మళ్లీ గిటార్ దగ్గరికి వస్తే, మాల్మ్‌స్టీన్ కథకి వీణతో సంబంధం లేకపోవడమే విచిత్రం. కుర్రతనంలో స్వీడన్‌లో వాద్యాలు బాగుచేసే దుకాణంలో పనిచేస్తుంటే, 17వ శతాబ్దపు ల్యూట్ ఒకటి మరమ్మతుకి వచ్చింది. దాని మెడ మెట్ల మధ్య తవ్వి ఉంది. ఇంటికెళ్లి తన పాత గిటార్‌ని అలాగే తవ్వుకున్నాడు. 1988లో ఫెండర్ కంపెనీ ఆయన పేరుతో తవ్విన మెడ గిటార్లు అమ్మకానికి పెట్టింది. వీణ ఊసే లేకుండా అదే చోటికి చేరాడు.

పాలకొల్లు మాండలిన్ విద్వాంసుడు ఉప్పలపు శ్రీనివాస్ ఇంకో దారిలో వచ్చాడు. మాండలిన్‌కి తీగలు జంటలుగా ఉంటాయి. రెండింటినీ సమానంగా లాగితే తప్ప శ్రుతి కలవదు. మీటిన నాదం కూడా చప్పున ఆరిపోతుంది. ఆయన జంటలు తీసేసి ఐదు ఒంటి తీగలు పెట్టుకున్నాడు, ఎలక్ట్రిక్ మాండలిన్ ఎత్తుకున్నాడు. గురువు రుద్రరాజు సుబ్బరాజుకి మాండలిన్ రాదు. ఆయన పాడేవాడు, కుర్రవాడు ఆ గొంతునే తీగ మీద పలికించేవాడు. 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనలో తొలి కచేరీ చేసేనాటికి తొమ్మిదేళ్లు. తర్వాత 'రిమెంబర్ శక్తి'లో మెక్‌లాఫ్లిన్ పక్కనే కూర్చుని వాయించాడు. 2014లో 45 ఏళ్లకే వెళ్లిపోయాడు.

ఉద్దానంలో ఏ కుర్రాడైనా తన గిటార్ మెడ తవ్వించుకోవాలనుకుంటే, ముందు పై మెట్ల దగ్గరే తవ్వించమని నా సలహా. కొందరు చేసేది అదే. తవ్విన చెక్క మళ్లీ రాదు. గుంటల మీద చెయ్యి తేలిక పడేదాకా శ్రుతిపెట్టె పక్కన పెట్టుకుని ఒకే మెట్టు మీద స రి గ సాధన చెయ్యాలి.