ఎనిమిది ఓవెన్లలో రెండే

ఇరుకు మెట్లు దిగి రండి. తల కాస్త వంచుకోండి, పైకప్పంతా గొట్టాలూ కేబుళ్లే. అమెరికా విమానవాహక నౌక జెరాల్డ్ ఆర్. ఫోర్డ్‌లో వంటలు చేసేచోట ఉన్నారు మీరు. ఎదురుగా ఉన్న స్టీలు ఓవెన్ తలుపు మీద చెయ్యి ఆనించండి. చల్లగా ఉంది. పక్కదీ అంతే. ఎనిమిదింటిలో ఆరు పడకేశాయి. ఈ నౌకలో రోజుకు 15,300 భోజనాలు వడ్డించాలి. మిగిలిన రెండింటి మీదే భారమంతా.

2025లో నౌకాదళ కార్యదర్శి జాన్ ఫెలన్ నౌక ఎక్కినప్పుడు చూసిన పరిస్థితి ఇది. జూన్‌లో సెనేట్ కమిటీ ముందు ఆయనే చెప్పారు. ఓవెన్లు బాగుచెయ్యడం నావికులకు తెలుసట. చెయ్యడానికే వీల్లేదట. కాంట్రాక్టరు మనిషి రావాలి.

మీ కాళ్ల కింద, ఇంకా లోతున, రెండు అణు రియాక్టర్లు నడుస్తున్నాయి. వాటిని కనిపెట్టుకుని ఉండేవాళ్లలో చాలామంది ఇరవైల్లో ఉన్న పిల్లలే. రియాక్టర్‌ను నమ్మి అప్పగించినవాళ్లకు ఓవెన్ విప్పే హక్కు లేదంటే నా మనసు ఒప్పుకోదు.

జపాన్‌లోని ఒకినావాకు పదండి. అమెరికా మెరైన్ల వర్క్‌షాపు. పాడైన ఇంజిన్లను ప్యాక్ చేస్తున్నారు. పానాలున్నాయి, మెకానిక్‌లున్నారు, అయినా ఇంజిన్లు సముద్రం దాటి అమెరికాలోని కాంట్రాక్టర్ల దగ్గరికి పోవాల్సిందే. కాంట్రాక్టులో అలాగే ఉంది. ఇది చూసిన ఒక మెరైన్ కెప్టెన్ 2019లో న్యూయార్క్ టైమ్స్‌లో రాశారు. ఆమె బాధ డబ్బు గురించి మాత్రమే కాదు. రేపు యుద్ధభూమిలో కాంట్రాక్టరు అందుబాటులో లేనప్పుడు ఆ ఇంజిన్ విప్పాల్సింది ఈ చేతులే. వాటికి అలవాటు తప్పిపోతోంది.

ఇప్పుడు బ్లాక్‌హాక్ హెలికాప్టర్ కాక్‌పిట్‌లోకి వంగి చూడండి. తెరను అదుపుచేసే చిన్న నాబ్, రెండు వేళ్లతో తిప్పేది. అది పాడైతే కంపెనీ విడిగా ఇవ్వదు, బాగుచెయ్యదు. తెర మొత్తం కొనాలి, 47,000 డాలర్లు. సైన్యమే ఆ నాబ్ తయారుచేసుకుంటే 15 డాలర్లు.

చిక్కంతా కాగితాల్లో ఉంది. ఆయుధం కొన్నారు గానీ దాని డ్రాయింగులు, రిపేరు మాన్యువళ్లు, సాఫ్ట్‌వేర్ హక్కులు చాలాచోట్ల కొనలేదు. అవి తమ మేధాసంపత్తి అని కంపెనీలు అంటాయి. ఏళ్ల తరబడి పెట్టుబడి పెట్టి తయారుచేసినవాళ్లకు ఆ మాట అనే హక్కుంది. కానీ సైనికుడు అడుగుతున్నది పోటీ ఫ్యాక్టరీ పెట్టుకోవడానికి కాదు, తన చేతిలో ఉన్నదాన్ని నడిపించుకోవడానికి.

2025 జులైలో డెమొక్రాట్ ఎలిజబెత్ వారెన్, రిపబ్లికన్ టిమ్ షీహీ కలిసి సైనికులకు రిపేరు హక్కు ఇవ్వాలంటూ సెనేట్‌లో బిల్లు పెట్టారు. షీహీ ఒకప్పుడు నేవీ సీల్. ఏటా వచ్చే రక్షణ బిల్లు సెనేట్ ముసాయిదాలోనూ, ప్రతినిధుల సభ ముసాయిదాలోనూ ఆ హక్కు చోటు సంపాదించింది. డిసెంబరులో తుది ప్రతి బయటికొచ్చేసరికి అది లేదు.

ఆర్మీ కాంట్రాక్టుల్లో ఈ హక్కు చేర్చమని 2025 ఏప్రిల్‌లోనే రక్షణ మంత్రి ఉత్తర్వు ఇచ్చారు. అది నౌకాదళానికి వర్తించదు. పైగా తర్వాత వచ్చే మంత్రి ఒక్క సంతకంతో దాన్ని రద్దు చేయొచ్చు. కొట్టేసిన ఆ సెక్షన్‌ను కాంగ్రెస్ మళ్లీ బిల్లులోకి తేవాలి.