తోడు వెదకిన త్రాగుబోతు

త్రాగుడు మానవలెనని నిశ్చయించుకొనుట ఒక యెత్తు. మానుటకు తోడు దొరకుట మరియొక యెత్తు. మద్యపానము వలన కలుగు కీడును గూర్చి మన పెద్దలు ఎంతయో చెప్పియున్నారు. మానదలచినవాడు ఏ గుమ్మము తట్టవలెనో చెప్పినవారు అరుదు. అట్టి గుమ్మము మొదట ఎట్లు తెరచుకొన్నదో నేడు ముచ్చటింపదలచితిమి.

అమెరికా యందలి బాల్టిమోరు నగరమున 1840వ సంవత్సరమున ఆరుగురు మిత్రులు ఒక పానశాలలోనే కూర్చుండి, ఇక త్రాగమని ప్రతిజ్ఞ చేసికొనిరి. తమ దేశపు తొలి అధ్యక్షుని పేర దానిని వాషింగ్టన్ సంఘమనిరి. వారి సభలలో మాటలాడువారు మతగురువులు కారు, నిన్నటి త్రాగుబోతులు. అబ్రహాం లింకన్ 1842 ఫిబ్రవరి 22వ తేదీన స్ప్రింగ్‌ఫీల్డులో ఆ సంఘమువారి సభలో ప్రసంగించుచు, త్రాగుబోతును దూషించుట కంటె స్నేహముతో ఒప్పించుట మేలని చెప్పెను. లక్షలమంది ఆ ప్రతిజ్ఞ గైకొనిరి. కాని సంఘము రాజకీయములలోను, వివాదములలోను చిక్కుకొని కొలది యేండ్లలోనే క్షీణించెను.

తరువాతి కథ 1935 మే నెలలో ఓహయో రాష్ట్రమందలి ఏక్రన్ పట్టణమున జరిగినది. విలియం విల్సన్ అను న్యూయార్కు షేర్ల వ్యాపారి అచ్చటికి ఒక కంపెనీ వ్యవహారము మీద వచ్చి ఓడిపోయెను. జేబులో సొమ్ము దాదాపు నిండుకొన్నది. అతడు త్రాగుడు మాని అయిదు మాసములే అయినది. ఆ అయిదు మాసములలో ఎందరో త్రాగుబోతులకు హితబోధ చేసియుండెను, ఒక్కడును మానలేదు. అయినను ఆ ప్రయత్నములో తాను మాత్రము చుక్క ముట్టక నిలిచియుండెను.

శనివారపు సాయంకాలము. మేఫ్లవరు హోటలు ముందరి హాలులో ఒక వైపు పానశాల నుండి నవ్వులు వినవచ్చుచున్నవి. మరియొక వైపు టెలిఫోనును, ఊరి చర్చీల పట్టికయు కలవు. తాను నిలువవలెనన్న తనవంటి మరియొక త్రాగుబోతుతో మాటలాడవలెనని విల్సనుకు తోచెను. పట్టికలోని ఒక మతగురువునకు ఫోను చేసెను. ఆయన కొందరి పేర్లు చెప్పెను. ఒకరి తరువాత ఒకరిని అడుగగా, తుదకు హెన్రియెటా సైబర్లింగ్ అను గృహిణి, తా నెరిగిన వైద్యుడొకడు ఈ వ్యసనముతో బాధపడుచున్నాడని చెప్పి, మరునాడు తన యింటికి రమ్మనెను.

ఆ వైద్యుడు రాబర్ట్ స్మిత్. మద్యము శరీరమును ఏమి చేయునో ఆయనకు ఒకరు చెప్పనక్కరలేదు, తెలిసియు మానలేకపోయెను. పదునైదు నిమిషములకు మించి కూర్చుండనని వచ్చినవాడు రాత్రి పదకొండు గంటలు దాటువరకు కదలలేదు. విల్సను ఆనాడు బోధింపలేదు. తన కథ తాను చెప్పుకొనెను. మధ్యలో ఒకసారి తప్పటడుగు వేసినను, స్మిత్ 1935 జూన్ 10వ తేదీన కడపటి చుక్క త్రాగెను. ఆ దినమునే ఆల్కహాలిక్స్ అనానిమస్ సంఘము తన జన్మదినముగా ఎంచుకొనుచున్నది.

అటుపిమ్మట ఒక చిక్కు వచ్చెను. పరువునకును, ఉద్యోగములకును భంగము రాకుండ సభ్యులు పేర్లు దాచుకొనవలెను. కాని దాగినవారిని క్రొత్తవాడు ఎట్లు కనుగొనును? పేర్లు దాచి, చోటును చెప్పుటయే వారు కనుగొన్న ఉపాయము. 1939లో ప్రకటించిన తమ గ్రంథమునందు న్యూయార్కు తపాలా పెట్టె చిరునామా ఇచ్చిరి. 1941 మార్చి 1వ తేదీన సాటర్డే ఈవినింగ్ పోస్టు పత్రికలో వీరిని గూర్చి వ్యాసము వెలువడగా జాబులు వేలకొలదిగా వచ్చెను. సుమారు రెండు వేలున్న సభ్యులు ఆ యేటి చివరకు ఎనిమిది వేలైరి. త్రాగుబోతుల కుటుంబముల కొరకు 1951లో ఆలనాన్ అను వేరొక సంఘము వెలసెను.

మన దేశమున ఈ సమావేశములు 1957లో ప్రారంభమైనవి. తెలుగునాట ఈ సమస్యను మరియొక కొస నుండి పట్టుకొన్నవారు స్త్రీలు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారా దుకాణమును మూయించిరి. ఆ ఉద్యమము రాష్ట్రమంతట వ్యాపించెను. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధము వచ్చెను, 1997లో సడలిపోయెను. దుకాణము మూయుట సంఘబలముచే అయినది. దుకాణము తిరిగి తెరచినను లోనికి పోకుండ నిలుచుటకు మాత్రము ప్రక్కన ఒకడు కావలెను.

ఈ సమావేశమునకు రుసుము లేదు, హాజరుపట్టీ లేదు. మానవలెనను కోరికయే అర్హత. చిరునామా సంఘమువారి ఫోను వలనను, వైద్యుని వలనను తెలిసికొనవచ్చును. కేంద్ర ప్రభుత్వము వ్యసనవిముక్తి కొరకు 14446 అను ఉచిత టెలిఫోను సంఖ్యను ఏర్పరచినది. ఏండ్ల తరబడి విశేషముగా త్రాగినవాడు ఒక్కసారిగా మానుట ప్రాణాపాయము కావచ్చును గనుక ముందుగా వైద్యుని చూచుట అవసరము.

గుమ్మము దాకా వచ్చి సిగ్గుపడి మరలిపోవువారు అనేకులు. లోన కూర్చున్నవారు తమపై జాలి చూపుదురేమో యని వారి శంక. ఏక్రన్ హోటలులో ఆనాడు ఫోను పట్టుకొనినవాడు ఇతరుని ఉద్ధరింపవలెనని పట్టుకొనలేదు. తాను బ్రదుకవలెనని పట్టుకొనెను. నేడును లోన కూర్చున్నవారికి వచ్చువాని అవసరము అంతయే కలదు. మీ యింటివారిలో ఎవరైన గుమ్మము కడ సంశయించుచున్నచో ఈ మాట చెప్పుడు.