తొమ్మిదంగుళాల గుమ్మడికాయ

1969లో అమెరికాలో ఫోర్డ్ మస్టాంగ్ కొనేవాడు 428 కోబ్రా జెట్ ఇంజను ఎంచుకుని, వెనక యాక్సిల్ నిష్పత్తి 3.91 గానీ 4.30 గానీ కావాలన్నాడంటే కంపెనీ ఇంజనునే మార్చేసేది. గట్టి క్రాంక్‌షాఫ్టు, గట్టి కనెక్టింగ్ రాడ్లు, ఆయిల్ కూలరు పెట్టి సూపర్ కోబ్రా జెట్ పంపేది. ఆ గేర్లు అడిగినవాడు బండిని కూరగాయల మార్కెట్టుకి తీసుకెళ్లడని, నేరుగా డ్రాగ్ స్ట్రిప్ అనే రేసు బాట మీదకే పోతాడని కంపెనీకి తెలుసు.

మస్టాంగ్ లాంటి మజిల్ కార్ల కథల్లో పేరంతా ఇంజనుకే పోయింది. ఆ బలం నేలకు చేరాలంటే మాత్రం వెనక యాక్సిల్ మధ్యలో ఉబ్బుగా కనిపించే ఇనప బుర్రను దాటాల్సిందే. అమెరికా మెకానిక్కులు ముద్దుగా గుమ్మడికాయ అంటారు దాన్ని.

అందులో ఉండే రెండింటిలో మొదటిది డిఫరెన్షియల్. మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం తిరగాలి, లోపలిది తక్కువ. ఈ తేడాను సర్దే అమరికకు 1820ల చివర్లో పారిస్ గడియారాల పనివాడు ఒనెసిఫోర్ పెకర్ ఆవిరి బండి కోసం పేటెంటు తీసుకున్నాడు. 1877లో ఇంగ్లండులోని కోవెంట్రీలో జేమ్స్ స్టార్లీ దాన్ని మూడు చక్రాల సైకిలుకు పెట్టాడు. దీనికో జబ్బుంది: ఒక చక్రానికి పట్టు తప్పితే అదొక్కటే గిర్రున తిరుగుతుంది, రెండోది ఊరికే ఉంటుంది. 1956లో ప్యాకార్డ్, స్టూడీబేకర్ కార్లలో వచ్చిన లిమిటెడ్ స్లిప్ దీనికి మందు. దానికి షెవర్లే పెట్టుకున్న పాజిట్రాక్షన్ అన్న పేరు ఇప్పటికీ అభిమానుల నోట్లో నలుగుతోంది.

రెండోది మన లారీ మెకానిక్కులకు బాగా తెలిసిన క్రౌన్ (పెద్ద పళ్లచక్రం), పినియన్ (చిన్నది) జత. క్రౌనుకు 40 పళ్లు, పినియనుకు 13 ఉంటే నిష్పత్తి 3.08. 41కి 10 అయితే 4.10. ఈ ఒక్క మార్పుతో చక్రం దగ్గర లాగుడు మూడో వంతు పెరుగుతుంది. అయితే టాప్ గేరులో గంటకు 100 కిలోమీటర్ల వేగానికి 2,450 చుట్లు తిరిగే ఇంజను 3,250 దాకా తిరగాలి. హైవే మీద చెవులు దిబ్బడ, జేబుకు చిల్లు. అందుకే ఎక్కువ కార్లకు కంపెనీలు మెత్తని గేర్లే వేసి పంపేవి. కుర్రాళ్లు కొన్నాక మార్చుకునేవారు.

ఆ మార్పిడికి చక్కగా ఒదిగింది 1957లో ఫోర్డ్ తెచ్చిన తొమ్మిదంగుళాల యాక్సిల్. క్రౌన్ వ్యాసం తొమ్మిదంగుళాలు కనుక ఆ పేరు. నిజానికి దాన్ని రేసుల కోసం చేయలేదు. కుటుంబాల కార్లకూ పికప్ ట్రక్కులకూ వేశారు, 1986 దాకా. అందుకే పాత ఇనుము దుకాణాల్లో చవగ్గా దొరికేది. పినియన్ క్రౌన్ మధ్యరేఖకు బాగా కింద ఉంటుంది, పళ్లు ఒకదానికొకటి ఎక్కువ మేర ఆనుకుంటాయి. పినియన్ కొసన ఇంకో బేరింగు కూడా ఉంది. ఈ అమరికలో రాపిడి ఎక్కువ, కొంత బలం వేడిగా పోతుంది. విరగని గేరు కోసం ఆ నష్టం భరించొచ్చనే నా లెక్క.

అసలు సుఖం విప్పడంలో ఉంది. షెవర్లే యాక్సిలుకు మూత వెనక ఉంటుంది, కారు కింద పడుకుని అక్కడే కొలతలు చూసుకోవాలి. ఫోర్డుదైతే రెండు యాక్సిల్ షాఫ్టులూ లాగి, ప్రొపెల్లర్ షాఫ్టు విడదీసి, చుట్టూ పది నట్లు విప్పితే గేర్ల గుండె మొత్తం ముందు వైపు నుంచి ఊడి చేతికొస్తుంది. బల్ల మీద పెట్టి, పళ్లకు రంగు పూసి చేత్తో తిప్పి చూస్తారు. పంటి నడుమ మచ్చ పడితే సరే, అంచుకు జరిగితే షిమ్ము అనే పల్చని బిళ్లను మార్చాలి. పళ్ల మధ్య వదులు దాదాపు మిల్లీమీటరులో నాలుగో వంతు ఉండాలి. అంతకు మించితే గేర్లు టకటకలాడతాయి, మరీ బిగిస్తే వేడెక్కి అరిగిపోతాయి.

షెవర్లే కింద ఫోర్డ్ యాక్సిల్ పెడితే వీరాభిమానులు ఇప్పటికీ మూతి ముడుస్తారు. రేసు గెలవాలన్నవాళ్లు పట్టించుకోలేదు. ఇప్పుడు హౌసింగు నుంచి షాఫ్టు దాకా కొత్తవే వేరే కంపెనీలు చేసి అమ్ముతున్నాయి, ఫోర్డ్ చేయి పడక్కర్లేదు. ఓవర్‌డ్రైవ్ గేర్‌బాక్సులొచ్చి, హైవే మీద ఇంజను ఎక్కువ తిరిగే పాత పేచీ కూడా తీర్చాయి. టాప్ గేరు 0.64 అయితే 4.10 యాక్సిల్ హైవే మీద 2.62 లాగే నడుస్తుంది. గేర్లు మార్చినప్పుడు స్పీడోమీటరు పళ్లచక్రాన్ని కూడా మార్చాలి. 3.08 తీసి 4.10 వేసి దాన్ని మరిచిపోతే, బండి 75లో పోతున్నా ముల్లు 100 చూపిస్తుంది.