చెవికి మార్కుల్లేవు

మాది ఒంగోలుకి పడమటగా ఒక పల్లె. నేను ఆరో తరగతిలో చేరింది 1981లో. జిల్లా పరిషత్ హైస్కూలు మా మాదిగపల్లెకి రెండు మైళ్లు. అప్పటిదాకా ఇంగ్లీషు అక్షరాల్ని పురుగుమందు డబ్బాల మీద చూశానే గాని, ఆ భాషలో ఒక్క మాట నా చెవిన పడలేదు.

మా ఇంగ్లీషు అయ్యవారు శనివారం శనివారం డిక్టేషన్ చెప్పేవాడు. పది మాటలు. కుర్చీలోంచి లేవకుండా చెప్పేవాడు. ఆ గొంతు మూడు బెంచీల దాకా వచ్చేది. ఆ మూడు బెంచీల మీద ఎవరుండేవాళ్లో మీకు చెప్పక్కర్లేదు. బెంచీలు చాలవని మా పల్లె పిల్లలం నలుగురం వెనక గోడకి ఆనుకుని కింద కూర్చునేవాళ్లం. కిటికీ అవతల రోడ్డు మీద బండ్ల చప్పుడు. సగం మాట వినపడేది, సగం ముందువాడి చెయ్యి కదిలే తీరు చూసి రాసేవాళ్లం. నాకు పదికి రెండో మూడో వచ్చేవి. ఒకసారి సున్నా వచ్చింది. అయ్యవారు నా పలక పట్టుకోకుండా దూరంనుంచే చూసి, "మీవి చెవులంట్రా, చెప్పులంట్రా?" అన్నాడు. క్లాసంతా నవ్వారు. మా నాయన చెప్పులు కుట్టేవాడు. ఊళ్లో ఆ నవ్విన పిల్లల ఇళ్లన్నిటికీ ఆయనే కుట్టాడు.

ఇంగ్లీషులో నా చెవికి జరిగిన మొట్టమొదటి పరీక్ష అది. ఆ తర్వాత పదో తరగతి దాకా, డిగ్రీ దాకా, చివరికి ఎం.ఏ. ఇంగ్లీషు దాకా కూడా ఎవరూ నా చెవికి పరీక్ష పెట్టలేదు. చాలాకాలం అది నా అదృష్టమనుకున్నాను.

చెవి దగ్గర మాకున్న తగాదా ఆ అయ్యవారితో మొదలవలేదు. వేదం విన్న శూద్రుడి చెవుల్లో తగరమో లక్కో కరిగించి పోయాలని గౌతమ ధర్మసూత్రంలో ఉంది. సీసం పోశారని మనవాళ్లు చెప్పుకునేది దీన్నే. శూద్రుడికే ఆ శిక్షయితే, వర్ణాల లెక్కలోకే రాని మావాళ్ల గురించి వేరే రాయాల్సిన పని ఆ రాసినవాడికి కనపడలేదు. ఇంతకీ ఆ శిక్ష ఎవరికైనా వేశారా లేదా అని పండితులు వాదించుకుంటారు. వాదించుకోనీండి. వినపడేంత దగ్గరికి రానివ్వకపోతే చాలు, ఏదీ కరిగించి పోయక్కర్లేదు. సతారా బళ్లో అంబేద్కర్ ఇంటినుంచి తెచ్చుకున్న గోనెపట్టా మీద ఓ మూల విడిగా కూర్చున్నాడు. బడి ఊడ్చే మనిషి కూడా ఆ గోనెని ముట్టడు గనక సాయంత్రం తనే ఇంటికి మోసుకుపోయేవాడు. ఇదంతా ఆయనే రాసుకున్నాడు. అది చదివినప్పుడల్లా నాకొచ్చే ఆలోచన ఒకటే. ఆ మూలకి పంతులు గొంతు ఏపాటి వినపడేది?

మా ముత్తాతలు 1878 జులైలో క్లౌ దొర చేత బాప్తిస్మాలు పొందిన తరం. గుండ్లకమ్మలో ఆ నెల మూడో తారీఖు ఒక్కరోజే 2,222 మంది మునిగి లేచారు. మాకు అక్షరం పెట్టింది మిషను వాళ్లే. అయితే దొర తెలుగు నేర్చుకుని తెలుగులోనే వాక్యం చెప్పాడు. తెల్లదొర ఎదురుగా నిలబడ్డా మావాళ్లు ఇంగ్లీషు వినలేదన్నమాట. దాన్ని నేను తప్పుపట్టను. దొర మా భాషలో మాట్లాడాడు, ఊళ్లో పంతులు మమ్మల్ని పేరు పెట్టి కూడా పిలవలేదు.

ఇంగ్లీషు పరీక్ష మాత్రం మరో దారిన వచ్చింది. 1857లో మద్రాసు యూనివర్సిటీ పెట్టారు. దాని మెట్రిక్యులేషన్ పరీక్షలో ఇంగ్లీషు తప్పనిసరి. అది కాగితం మీద పరీక్ష. కచేరీ గుమాస్తాకి కావలసింది కాగితం చదవడం, నకలు దించడం. ఆ పరీక్షకి కూర్చునే కుర్రాడి ఇంట్లో తండ్రో మేనమామో అప్పటికే కచేరీలో ఉండేవాడు. వాడి చెవి ఇంట్లోనే తయారయ్యేది. ఇక కంటికీ చేతికీ పరీక్ష పెడితే సరిపోయింది.

వినడం మీద పరీక్ష పెట్టొచ్చని తెల్లవాళ్లకి తెలియక కాదు. 1913లో కేంబ్రిడ్జి వాళ్లు పరదేశీయుల కోసం ఇంగ్లీషు ప్రావీణ్య పరీక్ష మొదలుపెట్టినప్పుడు, అందులో అరగంట డిక్టేషనూ, ఇంకో అరగంట పైకి చదవడం, మాట్లాడటమూ ఉన్నాయి. మొదటి ఏడాది రాసింది ముగ్గురు. ముగ్గురూ తప్పారు. ఈ సంగతి చదివిన రోజు ఒక్కణ్ణే కూర్చుని నవ్వుకున్నాను. వాళ్లని చెప్పులంట్రా అని ఎవరూ అని ఉండరు.

మన దేశంలో బండి చదవడం వైపే నడిచింది. ఢాకాలో టీచర్ల శిక్షణ కాలేజీలో పనిచేసిన మైకేల్ వెస్ట్, బెంగాల్ పిల్లల చదువు మీద 1926లో పెద్ద నివేదిక అచ్చేశాడు. ఎక్కువమంది పిల్లలు మధ్యలో బడి మానేస్తారు, మానేసిన రోజున కూడా వాళ్ల చేతిలో ఏదో ఒకటి మిగలాలి, అందుకని ముందు చదవడం నేర్పండి అన్నాడు. బీమా పాలసీ మధ్యలో ఆపేస్తే చేతికొచ్చే సొమ్ముతో దాన్ని పోల్చాడు. బడి మానేసేవాడి వైపునుంచి ఆలోచించాడు గనక నాకాయన మీద గౌరవం. నాతోపాటు గోడకానుకుని కూర్చున్న నలుగురిలో ముగ్గురు ఎనిమిదో తరగతి లోపే మానేశారు. అయితే వాళ్ల చేతిలో చదవడం కూడా మిగల్లేదు.

1950ల్లో మద్రాసు రాష్ట్రంలో స్ట్రక్చరల్ సిలబస్ వచ్చింది. ముందు వినాలి, తర్వాత మాట్లాడాలి, ఆ తర్వాతే చదవడం, రాయడం అని. 1958లో హైదరాబాదులో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లీష్ పెట్టారు. సిలబస్ మారింది, టీచర్ల శిక్షణ మారింది. ఏడాది చివర పిల్లాడి ముందుకొచ్చే ప్రశ్నాపత్రం మాత్రం కాగితంగానే ఉండిపోయింది. పరీక్షలో లేనిదాన్ని బళ్లో చెప్పే తీరిక ఎవరికుంది?

నేను 1986లో పదో తరగతి రాశాను. సోషల్ వెల్ఫేర్ హాస్టల్లో ఉండేవాణ్ణి. పాఠం చెప్పడమంటే ఇంగ్లీషు వాక్యం ఒకటి చదివి వెంటనే దానికి తెలుగు చెప్పడం. మా చెవి తెలుగు కోసమే కాచుకుని ఉండేది, ఇంగ్లీషు దాన్ని దాటి పోయేది. ఇక రీడింగ్ కాంప్రహెన్షన్ కిటుకు హాస్టల్లో సీనియర్ అన్న చెప్పాడు. "ప్రశ్నలో పెద్దమాట ఏదుందో చూడు. ఆ మాట పాసేజీలో యాడుందో వెతుకు. ఆ వాక్యం ఫుల్‌స్టాప్ నుంచి ఫుల్‌స్టాప్ దాకా దింపేయ్." నేనట్టాగే దింపాను. అయిదు ప్రశ్నల్లో నాలుగింటికి మార్కులొచ్చాయి. పాసేజీ దేని గురించో హాల్లోంచి బయటికొచ్చాక ఎవరైనా అడిగితే చెప్పలేకపోదును. ముప్పై అయిదు వస్తే చాలనుకున్నవాడికి యాభై ఒకటి వచ్చాయి. మా అమ్మ పల్లెలో అందరికీ బెల్లం పంచింది.

1996లో టీచరు ఉద్యోగం వచ్చింది. ఇంగ్లీషు టీచర్లకి ఇరవై రోజుల శిక్షణ అంటే వెళ్లాను. రెండోరోజు పొద్దున టేప్‌రికార్డరు తెచ్చి బల్లమీద పెట్టారు. ఎవరో తెల్లావిడ రైళ్ల వేళలు చెప్తుంది, మేం విని గడులు నింపాలి. పది గడులు. నేను ఒకటి నింపాను, అదీ ఊహించి. పక్కన కాన్వెంటులో చదివొచ్చినాయన పది నింపి కాలు మీద కాలేసుకున్నాడు. శిక్షణ ఇచ్చేవాడు నా కాగితం చూసి, "రూరల్ బ్యాక్‌గ్రౌండ్ కదా, ఫర్లేదు" అన్నాడు. ఆ మాట చెప్పుల మాటకన్నా మెత్తగా ఉంది. అర్థం అదే.

ఆ ఇరవై రోజుల్లోనే నేర్చుకుని ఉండాల్సింది. నేర్చుకోలేదు. సిగ్గుపడి ఊరుకున్నాను.

తర్వాత సీసీఈ వచ్చింది. కొత్త ఇంగ్లీషు పుస్తకాల్లో వినడానికి విడిగా పాఠాలిచ్చారు. టీచరు పైకి చదవాల్సిన ఆ పాఠాల్ని పుస్తకం చివర అచ్చేశారు. అదే పుస్తకం పిల్లల చేతిలోనూ ఉంది. నేను చదువుతుంటే పిల్లలు చివరి పేజీలు తీసి, వేలుపెట్టి చూసుకుంటూ జవాబులు చెప్పేవాళ్లు. వినడం మళ్లీ చదవడమే అయిపోయింది. రికార్డులో 'వినడం - మాట్లాడటం' అని ఒక గడి ఉండేది. పై అధికారులు చూసేది గడి నిండిందా లేదా అనే. నేను నింపాను. పదికి ఎనిమిది, తొమ్మిది, పది. పబ్లిక్ పరీక్షలో ఎట్టాగూ వినడం లేదు, మన పిల్లల్ని మనమే ఎందుకు తక్కువ చెయ్యాలి అనుకున్నాను. దయ చూపిస్తున్నాననే అనుకున్నాను.

ఆ దయ సంగతి 2021లో ఒకమ్మాయి చెప్పింది. మా బళ్లో చదివిన మాలపల్లె పిల్ల. తండ్రి లేడు. పదో తరగతిలో మంచి గ్రేడు తెచ్చుకుని ఇంజనీరింగు దాకా పోయింది. ఒక కంపెనీ ఉద్యోగానికి పరీక్ష పెట్టింది. లెక్కల్లో గట్టెక్కింది. తర్వాత చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించి, విన్నది విన్నట్టు మళ్లీ చెప్పమన్నారంట.

"చెవులు నీళ్లలో ముంచినట్టయింది సార్" అంది.

నేను ధైర్యం చెప్పబోయాను. ఆ పిల్ల వినిపించుకోలేదు.

"తొమ్మిదో తరగతిలో వినడంలో నాకు పదికి పది వేశారు గదా సార్. నేనెప్పుడు విన్నాను?"

జవాబు చెప్పలేదు. టీ తాగి వెళ్లమ్మా అన్నాను. తాగకుండానే వెళ్లింది.

మా అయ్యవారు సున్నా వేశాడు, నేను పది వేశాను. ఇద్దరం వినిపించలేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. చెవికి పరీక్ష పెట్టకపోవడం మా మీద దయ కాదు. పెట్టుంటే నేర్పక తప్పేది కాదు. నేర్పకుండా వదిలేసిన పరీక్షని బడి బయట, కంపెనీ గదుల్లో, ఇంటర్వ్యూ బల్ల దగ్గర, ఎవరూ లెక్క అడగని చోట పెడుతున్నారు. అక్కడ తప్పినవాళ్ల జాబితా ఏ నోటీసుబోర్డుకీ అంటించరు. సీబీఎస్ఈ వాళ్లు 2012-13లో వినడం, మాట్లాడటం మీద విడిగా పరీక్ష పెట్టి, కొన్నేళ్లకే ఇంటర్నల్ మార్కుల్లోకి నెట్టేశారు. ఇంటర్నల్ మార్కులు ఎట్టా వేస్తారో నాకు తెలుసు.

అప్పట్నుంచి నేనే పరీక్షలు పెట్టడం మొదలుపెట్టాను. మొదట్లో తప్పులే చేశాను. ఫోన్లో లండన్ వార్తలు పెడితే పిల్లలు బిక్కమొహాలేశారు. తర్వాత నా గొంతుతోనే, ఆ తర్వాత పక్కూరి టీచరమ్మ గొంతు రికార్డు చేసి పెట్టాను. ప్రశ్నలు ముందే చదువుకోనిస్తాను, దేని కోసం వినాలో తెలియాలి గదా. రెండుసార్లు వినిపిస్తాను. జవాబు వాక్యంగా రాయమంటే స్పెల్లింగుకే పరీక్షవుతుంది. అందుకని టిక్కు పెట్టమంటాను, బొమ్మలో దారి గీయమంటాను, బస్సు ఎన్నింటికో అంకె వెయ్యమంటాను. పాసేజీ ప్రశ్నలు కూడా మార్చాను. పాసేజీలో ఉన్న మాట ప్రశ్నలో రాకుండా చూస్తాను. దింపుడు పని కుదరదు. మొదటి నెల సగంమందికి సున్నాలు. ఆ సున్నాలు ఎవరికీ చూపించలేదు. అవి నా మార్కులు.

2023లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం అమెరికా ఈటీఎస్ సంస్థతో ఒప్పందం చేసుకుని, సర్కారు బళ్లలో టోఫెల్ మొదలుపెట్టింది. మూడు నుంచి అయిదు దాకా ప్రైమరీ, ఆరు నుంచి తొమ్మిది దాకా జూనియర్. వినడం, చదవడం రెండూ ఉన్న పరీక్ష కూలోళ్ల పిల్లల ముందుకొచ్చింది. తెలుగు పోతుందని, అమెరికా పరీక్ష మనకెందుకని చాలామంది పెద్దలు అన్నారు. అన్నవాళ్ల మనవళ్లు ఎక్కడ చదువుతున్నారో నేనడగను. 2024 ఏప్రిల్లో పరీక్ష జరిగింది. మా బళ్లో గోడకున్న పెద్ద తెరలోంచి శబ్దం వచ్చింది. పైన ఫ్యాన్లు గరగరమంటున్నాయి. తెర దగ్గర పిల్లలు గబగబా గుండ్రాలు దిద్దుతున్నారు. వెనక వరసలో ముగ్గురు ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకుంటున్నారు. ఆ చూపు నాకు తెలుసు. వెళ్లి ఫ్యాన్లు ఆపేశాను. ఎండకి చెమటలు కారిపోతున్నా ఎవరూ ఏమీ అనలేదు. ఆ ఏడాదే ప్రభుత్వం మారింది, టోఫెల్ ఆగిపోయింది. పరీక్ష పోయినందుకు సంతోషించినవాళ్లే ఎక్కువ. బదులుగా చెవికి ఏం పెడతారని ఎవరూ అడగలేదు.

నేను మాత్రం శనివారం డిక్టేషన్ మానలేదు. వెనక బెంచీ పక్కన నిలబడి చెప్తాను. మొన్న ముందు వరసలో కూర్చున్న సర్పంచి గారబ్బాయి చెయ్యెత్తి, "వినపట్టంలా సార్" అన్నాడు.

నాలుగడుగులు ముందుకేసి, గది మధ్యలో నిలబడి మళ్లీ చెప్పాను.