పాత ఓడలు, కొత్త కోడ్, తాళంచెవి ఎవరి దగ్గర?

మా టీములో మూడు నెలలుగా ఒకటే గొడవ. క్లయింటు దగ్గర పదహారేళ్ళ నాటి సిస్టమ్ ఒకటుంది. రాసిన వెండరుకీ క్లయింటుకీ ఎప్పుడో చెడింది. మా దగ్గరున్నవి ఎక్సిక్యూటబుల్ ఫైళ్ళే, సోర్స్ కోడ్ లేదు. స్క్రీన్ మీద ఒక ఫీల్డు పొడుగు పెంచాలన్నా ఆ వెండరు గడ్డం పట్టుకు బతిమాలాలి. కుర్రాళ్ళం (నేనూ ఆ బ్యాచే లెండి) "మొత్తం పీకి పారేసి కొత్తగా రాద్దాం" అంటాం. మా మేనేజరు గారు "నడుస్తోందిగా, కెలక్కండి" అంటారు. ఇద్దరిలో ఎవరు రైటో తేలక, ఆ చిరాకులో రాత్రిళ్ళు కూర్చుని టర్కీ సైన్యం చరిత్ర చదివాను. దీనికీ దానికీ సంబంధం ఏంటంటారా? చాలా ఉంది. ఆ దేశం వందేళ్ళ పైగా పడుతున్న తలనొప్పి అచ్చంగా ఇదే.

ముందే చెప్పేస్తున్నా, నాకు టర్కీ మీద ప్రత్యేకమైన ప్రేమేం లేదు. 2025 మేలో పాకిస్తాన్ మన మీదకి వదిలిన డ్రోన్లలో టర్కీ సరుకుందని తెలిశాక మనవాళ్ళు చాలామంది ఇస్తాంబుల్ టూర్లు రద్దు చేసుకున్న సంగతి నాకూ తెలుసు. కానీ నచ్చనివాడి దగ్గర కూడా పాఠం నేర్చుకోవచ్చు కదా.

కథ 1914లో మొదలవుతుంది. అప్పటికింకా అది ఒట్టోమాన్ సామ్రాజ్యం. బ్రిటన్‌లో రెండు పెద్ద యుద్ధనౌకలు కట్టిస్తోంది, పేర్లు సుల్తాన్ ఉస్మాన్, రెషాదియే. ఖజానా ఖాళీ, అందుకని జనం దగ్గర చందాలు కూడా వసూలు చేశారు. ఓడలు తీసుకెళ్ళడానికి నావికులు న్యూకాసిల్ చేరుకున్నారు కూడా. సరిగ్గా ఆగస్టు మొదట్లో, ప్రపంచ యుద్ధం ముంచుకొచ్చేసరికి, బ్రిటిష్ నౌకాదళ మంత్రి విన్‌స్టన్ చర్చిల్ రెండింటినీ స్వాధీనం చేసేసుకున్నాడు. ఊరూరా చందాలిచ్చిన జనం మొహాలు ఊహించుకోండి.

ఆ కోపం మీదుండగానే జర్మనీ రంగంలోకి దిగింది. గోబెన్, బ్రెస్లావ్ అనే రెండు జర్మన్ ఓడలు బ్రిటిష్ వాళ్ళకి దొరక్కుండా ఆగస్టు 10న డార్డనెల్స్ చేరాయి. వారం తిరక్కుండా "ఇవి మీవే" అని జర్మనీ అప్పగించేసింది. గోబెన్‌కి యావుజ్ అని పేరు పెట్టారు. జెండా మారింది, జర్మన్ నావికుల నెత్తిన ఎర్ర టోపీలొచ్చాయి, కానీ అడ్మిరల్ మాత్రం ఆ జర్మన్ సూషోనే. అక్టోబరు 29న ఆయన ఆ ఓడలేసుకుని నల్ల సముద్రంలో రష్యా రేవుల మీద గుళ్ళు కురిపించాడు. దాంతో సామ్రాజ్యం యుద్ధంలోకి దిగింది, నాలుగేళ్ళలో మునిగింది. ఒకచోట డబ్బు కట్టినా ఓడ రాలేదు. ఇంకోచోట ఉచితంగా ఓడ వచ్చింది గానీ చుక్కాని రాలేదు.

యుద్ధం తర్వాత కొత్త రిపబ్లిక్ చేతికి యావుజ్ చిల్లులతో దక్కింది. కొత్తది కొనే స్తోమత లేదు, దీన్నే బాగుచేయాలి. అంత పెద్ద ఓడని పట్టే డాక్ దేశంలో లేదు. అందుకని ముందు ఒక తేలే డాక్ కొన్నారు. ఇందులో డబ్బులు చేతులు మారి పెద్ద కుంభకోణమైంది. నౌకాదళ మంత్రి ఇహ్సాన్ బేకి 1928లో శిక్ష పడింది, ఏకంగా ఆ మంత్రిత్వ శాఖనే ఎత్తేశారు! టర్కిష్‌లో హావుజ్ అంటే డాక్, అందుకే దాన్ని యావుజ్-హావుజ్ కేసు అంటారు. మొత్తానికి ఫ్రెంచి కంపెనీ సాయంతో 1930కల్లా ఓడ మళ్ళీ కదిలింది. నాకు నచ్చిన విషయం ఇక్కడుంది. ఆ ఒక్క రిపేరు చుట్టూ గోల్‌జుక్ అనే చోట నౌకాశ్రయం, షిప్‌యార్డు పెరిగాయి. ఓడని 1970ల్లో తుక్కు చేసేశారు, షిప్‌యార్డు ఇవాళ్టికీ ఉంది. పాతదాన్ని బాగుచేస్తే మిగిలేది ఆ పాత వస్తువు కాదు, బాగుచేసిన చేతులు.

అయితే ఈ పాఠాన్ని వాళ్ళే మర్చిపోయారు. 1947లో అమెరికా సైనిక సాయం మొదలైంది. రెండో ప్రపంచ యుద్ధం నాటి డిస్ట్రాయర్లు, ఎం-47, ఎం-48 ట్యాంకులు వరదలా వచ్చిపడ్డాయి. ఊరికే వస్తుంటే సొంతంగా చేసుకునే ఓపిక ఎవరికుంటుంది? ఆ ఒప్పందంలో ఒక షరతుంది. సాయం దేనికోసం ఇచ్చామో దానికే వాడాలి, వేరేదానికి వాడాలంటే అమెరికాని అడగాలి. మనం లైసెన్స్ అగ్రిమెంట్లు చదవకుండా 'ఐ అగ్రీ' కొట్టేస్తాం చూడండి, అలాగన్నమాట. 1964 జూన్‌లో సైప్రస్ మీదకి వెళ్ళబోతుంటే అధ్యక్షుడు జాన్సన్ నేరుగా ప్రధాని ఇనోనుకి ఉత్తరం రాశాడు. మా ఆయుధాలు దీనికి వాడటానికి ఒప్పుకోం అని అందులో స్పష్టంగా ఉంది. టర్కీ ఆగింది. ఆ ఉత్తరం మాత్రం వాళ్ళ మనసులో ముల్లులా ఉండిపోయింది.

పదేళ్ళ తర్వాత 1974 జులైలో వెళ్ళనే వెళ్ళారు. అక్కడ జరిగింది తల్చుకుంటే ఒళ్ళు జలదరిస్తుంది. గ్రీసు దగ్గరా, టర్కీ దగ్గరా ఉన్నవి ఒకే రకం అమెరికా డిస్ట్రాయర్లు. జులై 21న పాఫోస్ తీరం దగ్గర మూడు టర్కీ డిస్ట్రాయర్లని చూసి టర్కీ విమానాలే గ్రీకు ఓడలనుకుని బాంబులేశాయి. కోజాతెపే అనే ఓడ మునిగింది, 50 మందికి పైగా నావికులు సొంత విమానాల చేతిలో చనిపోయారు. విమానాలు బానే ఉన్నాయి, ఓడలూ తేలుతూనే ఉన్నాయి. ఎవరు ఎవరో ఒకరికొకరు నమ్మకంగా చెప్పుకునే ఏర్పాటు ఒక్కటే లేదు. మన భాషలో చెప్పాలంటే రెండు మాడ్యూళ్ళూ టెస్టులు పాసయ్యాయి, ఇంటిగ్రేషన్‌లో మనుషులు పోయారు.

1975 ఫిబ్రవరిలో అమెరికా ఆయుధాల ఆంక్షలు పెట్టింది. 1978 దాకా నడిచాయి. స్పేర్ పార్టుల్లేక ట్యాంకులు, విమానాలు మూలనపడ్డాయి. అదే 1975లో సైన్యం ఫౌండేషన్ ఒకటి అసెల్‌సాన్ అనే కంపెనీ పెట్టింది. వాళ్ళు మొట్టమొదట తయారుచేయడానికి పెట్టుకున్నది ట్యాంకూ కాదు, ఓడా కాదు... వైర్‌లెస్ సెట్లు! కోజాతెపే దుఃఖంలోంచి చూస్తే అంతకన్నా సరైన మొదలు ఇంకోటి ఉండదనిపిస్తుంది.

ఇహ అక్కణ్ణుంచి పద్ధతి మారింది. 1980ల్లో వేలకొద్దీ ఉన్న ఎం-48 ట్యాంకుల్ని పారేయకుండా తమ సైనిక కర్మాగారాల్లోనే విప్పి, పెట్రోలు ఇంజిన్ తీసి డీజిల్ ఇంజిన్, 90 ఎంఎం గన్ తీసి 105 ఎంఎం గన్ పెట్టుకున్నారు. 1985లో ఆయుధాల తయారీ కోసం ప్రత్యేక చట్టం, ప్రత్యేక నిధి తెచ్చారు. 1989లో ఒక అమెరికన్ కంపెనీతో కలిసి పెట్టిన ఎఫ్‌ఎన్‌ఎస్‌ఎస్‌కి 1,698 కవచ వాహనాల ఆర్డరిచ్చారు. డిజైన్ అమెరికాది, కానీ వెల్డింగు చేసింది టర్కీ కార్మికులు. కొన్నేళ్ళకి అదే కంపెనీ మలేషియాకీ అమ్మింది.

అన్నీ సాఫీగా జరిగాయనుకోకండి. 2002లో 170 ఎం-60 ట్యాంకుల ఆధునికీకరణని ఇజ్రాయెల్ కంపెనీకిచ్చారు. 65 కోట్ల డాలర్లకు పైనే ఖర్చు. 120 ఎంఎం గన్, వెయ్యి హార్స్‌పవర్ జర్మన్ ఇంజిన్, కొత్త ఫైర్ కంట్రోల్, అన్నీ వచ్చాయి. ఆఖరి ట్యాంకులు 2010లో అందాయి, అదే ఏడాది మే 31న మావి మర్మర ఓడ ఘటనతో రెండు దేశాల స్నేహం తెగిపోయింది. తర్వాత వాటిని మెరుగుపరచాల్సొచ్చినప్పుడు అసెల్‌సాన్ తన ఫైర్ కంట్రోల్ సిస్టమ్ పెట్టాల్సొచ్చింది. ఒకే ట్యాంకుకి ఇరవయ్యేళ్ళలో రెండుసార్లు రీఫ్యాక్టరింగ్!

ఇప్పుడు మన సాఫ్ట్‌వేర్ వాళ్ళకి పండగలాంటి భాగం. 1990ల చివర నుంచి 2003 దాకా అమెరికా వదిలేసిన పెర్రీ తరగతి ఫ్రిగేట్లు ఎనిమిదింటిని టర్కీ తీసుకుంది. ఓడలు గట్టివే, లోపలి కంప్యూటర్లు మాత్రం 1970ల నాటివి. రాడార్లు, సోనార్, క్షిపణులు అన్నింటినీ కలిపి కెప్టెన్‌కి ఒక్క చిత్రంగా చూపించేదాన్ని కంబాట్ మేనేజ్‌మెంట్ సిస్టమ్ అంటారు. అది వేరేవాడి నల్లడబ్బా అయితే, కొత్త రాడారు తగిలించాలన్నా వాడి దయ. టర్కీ నౌకాదళంలోని ఇంజనీర్లు ఈ డబ్బాని తీసేసి సొంతది రాయడం మొదలుపెట్టారు, హావెల్‌సాన్ కంపెనీ దాన్ని ఓడల్లోకెక్కించింది. పేరు జెనెసిస్. గమనించండి, ఓడని ముట్టుకోలేదు. ఇంజిన్లు అవే, ఆయుధాలు చాలావరకు అవే. మధ్యలో అన్నింటినీ కలిపే పొరని మాత్రం తమది చేసుకున్నారు. ఆ తర్వాత నాలుగు ఓడలకి కొత్త రాడారు, నిలువుగా క్షిపణులు వదిలే లాంచర్లు తగిలించారు. అప్పటికి కోడ్ వాళ్ళదే కాబట్టి ఎవర్నీ బతిమాలే పని లేకపోయింది.

ఆ కోడే తర్వాత మిల్‌గెమ్ అనే సొంత కార్వెట్లకి పునాది అయ్యింది. మొదటి ఓడ హేబెలియాదా 2005లో మొదలై 2011లో నౌకాదళంలో చేరింది. నాలుగు తమకి కట్టుకున్నారు, 2018లో పాకిస్తాన్ నాలుగు ఆర్డరిచ్చింది (అందుకే మనం ఈ కథ తెలుసుకోవడం మంచిదంటున్నా). 2024 జనవరిలో ఇస్తాంబుల్ అనే ఫ్రిగేట్ కూడా చేరింది, నిలువు లాంచరు సొంతది. అయినా దాని గ్యాస్ టర్బైన్ మాత్రం అమెరికన్ కంపెనీదే. ఓడ మెదడు వాళ్ళది, గుండె మాత్రం ఇంకా అరువుదే.

గుండె ఎంత ముఖ్యమో ట్యాంకు దగ్గర తెలిసొచ్చింది. 2008లో దక్షిణ కొరియా సాంకేతిక సాయంతో అల్తాయ్ అనే కొత్త ట్యాంకు మొదలుపెట్టారు. 2012కి నమూనా సిద్ధం. నమూనాలో ఇంజిన్ జర్మనీది. సీరియల్ ఉత్పత్తికి వచ్చేసరికి రాజకీయాలు చెడ్డాయి, జర్మనీ ఇంజిన్ రాలేదు. సొంత ఇంజిన్ కోసం ఆస్ట్రియా కంపెనీతో కుదిరిన ఒప్పందమూ ఆ దేశ ఆంక్షల దెబ్బకి 2017లో రద్దయింది. చివరికి కొరియా ఇంజిన్, కొరియా గేర్‌బాక్సు తెచ్చుకుని, మొదటి ట్యాంకులు సైన్యానికిచ్చింది 2025 అక్టోబరులో. మొదలుపెట్టి పదిహేడేళ్ళు! ఈలోగా 2016లో సిరియాలోని అల్-బాబ్ దగ్గర పోరాడినవాటిలో పాత లెపర్డ్-2లు ఉన్నాయి, కాలిపోయినవాటిలోనూ ఉన్నాయి. వాటిని మెరుగుపరచాల్సిన జర్మనీ 2018లో ఆ పని ఆపేసింది. (నవ్వకండి, మన అర్జున్ ట్యాంకు ఇంజిన్ కూడా జర్మనీదే.)

ఓడల దగ్గర గెలిచినవాళ్ళే ట్యాంకు దగ్గర ఎందుకు ఇన్నేళ్ళు ఆగిపోయారు? నాకనిపించేది ఇదీ. ఓడల్లో పాతదానితో మొదలుపెట్టి, ముందు అన్నింటినీ కలిపే పొరని చేతిలోకి తెచ్చుకున్నారు. దాంతో విడిభాగం ఎవరిదైనా మార్చుకోగలిగారు. ట్యాంకులో పైకి కనిపించేదంతా కొత్తగా కట్టి, అన్నింటికన్నా కష్టమైనదాన్ని వేరేవాడి మాట మీద వదిలేశారు. ఆధునికీకరణ అంటే వయసు తగ్గించడం కాదు. "ఇది ఆగిపోతే ఎవరికి ఫోన్ చేయాలి, వాడు ఫోన్ ఎత్తకపోతే ఏం చేయాలి?" అన్న ప్రశ్నకి జవాబు మార్చుకోవడం.

ఒక్క విషయం మాత్రం నన్ను ఇంకా తొలుస్తోంది. 1964లో ఆ ఉత్తరం టర్కీకి అవమానమే. కానీ అప్పుడు గ్రీసు, టర్కీల మధ్య యుద్ధం రాకపోవడంలో ఆ ఉత్తరం పాత్ర లేదంటారా? తాళంచెవి వేరేవాడి దగ్గరుంటే మనం బానిసలం, నిజమే. మన దగ్గరే ఉంటే "వద్దు" అని చెప్పేవాడు కూడా మనలోంచే రావాలి. అలా చెప్పేవాళ్ళని ఏ షిప్‌యార్డూ తయారుచేయదు. సొంత ఆయుధాలు కావాలని గట్టిగా అరిచే మనందరం (నాతో కలిపి) ఈ రెండో సగం గురించి ఎంత ఆలోచిస్తున్నాం?

సరే, సోమవారం మీటింగుంది. ఈసారి "మొత్తం రాసేద్దాం" అనను. "నడుస్తోందిగా" అన్నా ఒప్పుకోను. ఆ పాత సిస్టమ్ బయటి ప్రపంచంతో మాట్లాడే పొర ఒక్కదాన్ని ముందు మనం రాసుకుందాం, మిగతాది అలాగే ఉండనీ అంటాను. మా మేనేజరు గారు టర్కీ కథ వింటారో లేదో గానీ, కోజాతెపే సంగతి మాత్రం చెప్పి తీరతాను. మీ ఆఫీసుల్లో ఇలాంటి నల్లడబ్బాలు ఎన్నున్నాయి? వాటి తాళంచెవి ఎవరి దగ్గరుంది?