ఒక్క ట్రై తేడా: రగ్బీ ఓటమి, అభిమానుల ఫిర్యాదు, జాతి జ్ఞాపకం

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరవాత మీరు:
- 1905 డిసెంబరు 16న కార్డిఫ్‌లో వేల్స్, న్యూజీలాండ్ జట్ల మధ్య జరిగిన మ్యాచ్‌ను దాని చారిత్రక నేపథ్యంతో వివరించగలుగుతారు.
- ఒకే సంఘటనపై పరస్పర విరుద్ధంగా ఉన్న సాక్ష్యాలను ఎలా తూచాలో తెలుసుకుంటారు.
- ఓటమి పట్ల అభిమానుల స్పందనను చరిత్ర రచనకు ఆధారంగా ఎలా వాడుకోవచ్చో చర్చించగలుగుతారు.

1. పరిచయం

యుద్ధాలు, ఒప్పందాలు, రాజవంశాలు చరిత్రకు సంబంధించిన విషయాలని మనం సులువుగా ఒప్పుకుంటాం. ఆటలో ఓడిపోయిన జట్టు అభిమానుల బాధ చరిత్ర పాఠానికి తగిన విషయమేనా అని మీకు సందేహం రావచ్చు. తగిన విషయమే. కారణం చూడండి.

ఘోరంగా ఓడిన మ్యాచ్ గురించి ఎవరూ ఎక్కువ కాలం మాట్లాడరు. మనవాళ్లు సరిగా ఆడలేదని తేల్చుకుని ఊరుకుంటారు. కొద్దిలో చేజారిన మ్యాచ్ సంగతి వేరు. అక్కడ 'అదొక్కటీ జరిగి ఉంటే' అన్న మాటకు చోటు ఉంటుంది. ఆ చోటులోకి రెఫరీ పొరపాటు, ఆటగాళ్ల గాయాలు, ఎదుటివారి మోసం అన్నీ వచ్చి చేరతాయి. వాటితోపాటు తమ దేశం ఎలాంటిదని ప్రజలు నమ్మదలచుకున్నారో అదీ వచ్చి చేరుతుంది. చరిత్ర విద్యార్థికి కావలసినది ఈ చివరిదే.

రగ్బీ మన ప్రాంతంలో అంతగా పరిచయం లేని ఆట. భారతదేశంతో దానికి బొత్తిగా సంబంధం లేదని మాత్రం అనలేం. ఇంగ్లండ్, స్కాట్లండ్ జట్లు పోటీపడే కలకత్తా కప్పును, 1870లలో మూతపడిన ఒక కలకత్తా రగ్బీ క్లబ్బు తన ఖాతాలో మిగిలిన వెండి రూపాయలను కరిగించి చేయించింది. ఈ పాఠానికి మీరు గుర్తుంచుకోవలసిన నియమం ఒక్కటే. కోడిగుడ్డు ఆకారంలో ఉండే బంతిని ఎదుటి జట్టు గోల్ గీత దాటించి నేలకు ఆనించడాన్ని 'ట్రై' అంటారు. 1905లో ట్రైకి 3 పాయింట్లు. ఆ తరవాత బంతిని గోల్ స్తంభాల మధ్యగా, అడ్డుకర్ర మీదుగా తన్నగలిగితే మరో 2 పాయింట్లు.

2. 1905 నాటి న్యూజీలాండ్: ఒక ఆట మీద ఇంత భారం ఎందుకు?

అప్పటికి న్యూజీలాండ్ బ్రిటిష్ సామ్రాజ్యంలో దూరపు వలస రాజ్యం. జనాభా పది లక్షలకు లోపే. 1899-1902 మధ్య దక్షిణాఫ్రికాలో జరిగిన బోయర్ యుద్ధానికి అది పది దళాలను పంపింది. ఆ యుద్ధకాలంలోనే సైన్యంలో చేరడానికి వచ్చిన బ్రిటిష్ పట్టణ యువకుల్లో చాలామంది శరీరదారుఢ్యం లేనివారని ఆందోళన మొదలైంది. ప్రజల శారీరక క్షీణతపై ప్రభుత్వం నియమించిన సంఘం 1904లో నివేదిక ఇచ్చింది.

న్యూజీలాండ్ రగ్బీ జట్టు సరిగ్గా ఈ వాతావరణంలోకి దిగింది. 1905 సెప్టెంబరు 16న తొలి మ్యాచ్‌లో డెవన్ జట్టును 55-4 తేడాతో ఓడించింది. తరవాత మూడు నెలల్లో స్కాట్లండ్‌ను 12-7తో, ఐర్లండ్‌ను, ఇంగ్లండ్‌ను 15-0తో గెలిచింది. వరుసగా 27 విజయాలు! పొగచూరిన పట్టణాల బ్రిటన్‌లో తగ్గిపోయిన బలం, ఆరుబయట పొలాల్లో పెరిగిన వలసల యువకుల్లో నిలిచి ఉందన్న వాదన బ్రిటిష్ పత్రికల్లోనూ వినిపించింది. న్యూజీలాండ్ ప్రధాని రిచర్డ్ సెడన్ ఈ వాదనను ఆనందంగా అందిపుచ్చుకున్నాడు.

ఇక్కడ ఒక తేడా గమనించండి. 1911లో మోహన్ బగాన్ ఫుట్‌బాల్ జట్టు ఈస్ట్ యార్క్‌షైర్ రెజిమెంట్‌ను 2-1తో ఓడించినప్పుడు బెంగాలీలు దానిని పాలకులపై పాలితుల గెలుపుగా చూశారు. న్యూజీలాండ్‌లో స్థిరపడిన బ్రిటిష్ సంతతి వారి కోరిక అది కాదు. సామ్రాజ్యం నుంచి బయటపడాలని కాక, సామ్రాజ్యంలో తామే మేలైన బిడ్డలమని అనిపించుకోవాలని వారు ఆశపడ్డారు. పెద్దల మెప్పు కోసం ఎదురుచూసే బిడ్డకు చిన్న అన్యాయమైనా పెద్దగానే తోస్తుంది.

3. కార్డిఫ్‌లో ఆ మధ్యాహ్నం

ఇరవై ఎనిమిదో మ్యాచ్ వేల్స్‌తో. కార్డిఫ్ ఆర్మ్స్ పార్క్ మైదానానికి సుమారు 47,000 మంది వచ్చారు. మ్యాచ్‌కు ముందు న్యూజీలాండ్ ఆటగాళ్లు మావోరీల 'హాకా' ప్రదర్శించారు. దానికి జవాబుగా టెడ్డీ మోర్గన్ ముందుండగా వేల్స్ ఆటగాళ్లు తమ జాతీయ గీతం అందుకున్నారు, ప్రేక్షకులు గొంతు కలిపారు. క్రీడాపోటీకి ముందు జాతీయ గీతం పాడే సంప్రదాయానికి దీనినే మొదటి సందర్భంగా చెబుతారు.

మొదటి అర్ధభాగంలో మోర్గన్ ట్రై సాధించాడు. వేల్స్ 3, న్యూజీలాండ్ 0. రెండో అర్ధభాగంలో న్యూజీలాండ్ ఆటగాడు బిల్లీ వాలెస్ బంతితో దూసుకుపోయి బాబ్ డీన్స్‌కు అందించాడు. డీన్స్ గోల్ గీత దగ్గర వేల్స్ ఆటగాళ్ల పట్టులో పడిపోయాడు. బంతి గీత దాటిందా, లేదా? స్కాట్లండ్‌కు చెందిన రెఫరీ జాన్ డల్లాస్ దాటలేదన్నాడు. ట్రై ఇచ్చి ఉంటే స్కోరు 3-3. ఆపై బంతిని తన్ని గోల్ కూడా చేసి ఉంటే 5-3తో న్యూజీలాండ్ గెలిచేది. అలా జరగలేదు. ఆ పర్యటనలో ఆడిన 35 మ్యాచ్‌లలో న్యూజీలాండ్ ఓడినది ఈ ఒక్కటే.

4. సాక్ష్యాలను తూచడం

ఈ సంఘటనకు చలనచిత్రం లేదు, నిర్ణయాత్మకమైన ఫొటో లేదు. ఉన్నవి మనుషుల మాటలే. వాటిని విడివిడిగా చూద్దాం.

(అ) డీన్స్: 'డెయిలీ మెయిల్' పత్రికకు ఆయన టెలిగ్రాం ఇచ్చాడు. గీత దాటి ఆరు అంగుళాల అవతల బంతిని ఆనించాననీ, రెఫరీ వచ్చేలోపు వేల్స్ ఆటగాళ్లు తనను వెనక్కి లాగారనీ చెప్పాడు. సంఘటన జరిగిన వెంటనే ఇచ్చిన సాక్ష్యం కావడం దీని బలం. సాక్షి ఫలితంతో ప్రయోజనం ఉన్న వ్యక్తి కావడం దీని బలహీనత.

(ఆ) రెఫరీ: బంతి గీతకు ఇవతలే నేలకు తగిలిందని డల్లాస్ నిలకడగా చెప్పాడు. అతను తటస్థుడు. కానీ ఆ క్షణంలో ఎంత దూరంలో ఉన్నాడన్నదే వివాదం. అతను ఆటకు తగని మామూలు దుస్తులు, బూట్లతో ఉండటం వల్ల వెనకబడ్డాడన్నది న్యూజీలాండ్ వారి ఆరోపణ.

(ఇ) వేల్స్ ఆటగాళ్లు: డీన్స్‌ను పట్టుకున్న రీస్ గేబ్ వాదన తెలివైనది. డీన్స్ ఇంకా ముందుకు జరగాలని గింజుకోవడం తనకు తెలిసిందనీ, గీత దాటి ఉంటే ఆ అవసరం లేదనీ అన్నాడు. అదే జట్టులోని మోర్గన్ మాత్రం డీన్స్ ట్రై సాధించాడని తరవాతి కాలంలో ఒప్పుకున్నట్టు నమోదైంది. తన జట్టుకు వ్యతిరేకంగా చెప్పిన సాక్ష్యానికి సాధారణంగా విలువ ఎక్కువ. కానీ ఏళ్లు గడిచాక, స్నేహపూర్వక సందర్భంలో చెప్పిన మాటకు ఆ విలువ తగ్గుతుంది.

(ఈ) జనశ్రుతి: డీన్స్ 1908లో, 24 ఏళ్ల వయసులో, అపెండిసైటిస్ వల్ల తలెత్తిన సమస్యలతో చనిపోయాడు. మరణశయ్య మీద కూడా తాను ట్రై సాధించానని చెప్పాడన్న కథ ప్రచారంలోకి వచ్చింది. దీనిని ట్రైకి సాక్ష్యంగా తీసుకోలేం. అలాంటి కథ న్యూజీలాండ్ వారికి కావలసి వచ్చిందనడానికి మాత్రం ఇది మంచి సాక్ష్యం.

మీ ప్రగతిని సరిచూసుకోండి
1) డీన్స్, మోర్గన్ సాక్ష్యాల బలాబలాలను పోల్చండి.
2) జనశ్రుతిని చరిత్రకారుడు ఏ ప్రయోజనానికి వాడుకోవచ్చు?

5. ఓటమి వార్త, అభిమానుల స్పందన

1902లో పసిఫిక్ సముద్రగర్భ తంతి మార్గం పూర్తయింది. దానివల్ల, ఆటగాళ్లు ఓడలో వారాల తరబడి ప్రయాణించిన దూరాన్ని వార్త కొద్ది గంటల్లో దాటగలిగింది. న్యూజీలాండ్ పట్టణాల్లో జనం పత్రికా కార్యాలయాల ముందు గుమిగూడి స్కోరు కోసం ఎదురుచూసేవారు. తంతి వార్తకు మాటల లెక్కన డబ్బు కట్టాలి కనుక అందేది క్లుప్తంగా ఉండేది. స్కోరు ముందు వచ్చేది, వివరాల కథనాలు ఓడ మీద తరవాతెప్పుడో వచ్చేవి. ఈ మధ్య కాలాన్ని ఊహలు, వాదనలు నింపాయి.

స్పందనలో మూడు పొరలు కనిపిస్తాయి. మొదటిది హుందాతనం. జట్టు నాయకుడు డేవ్ గాలహర్ మంచి జట్టే గెలిచిందని మ్యాచ్ తరవాత ప్రకటించాడు. రెండోది వివరణ. మూడు నెలల్లో 27 మ్యాచ్‌లు ఆడి జట్టు అలసిపోయిందనీ, జార్జ్ స్మిత్ గాయంతో, ఉపనాయకుడు బిల్లీ స్టెడ్ అనారోగ్యంతో ఆడలేకపోయారనీ చెప్పుకొన్నారు. ఇవి అబద్ధాలు కావు. అయితే గెలిచిన రోజున ఇలాంటి లెక్కలు ఎవరూ తీయరు. మూడోది ఫిర్యాదు: 'మేం ఓడలేదు, మమ్మల్ని ఓడించారు'. కాలం గడిచేకొద్దీ మొదటి రెండు పొరలు పలచబడ్డాయి, మూడోది గట్టిపడింది.

1906 మార్చిలో జట్టు ఆక్లాండ్ చేరినప్పుడు ప్రధాని సెడన్ స్వయంగా స్వాగతం పలికాడు. అదే ఏడాది జూన్‌లో ఆయన మరణించాడు. 1907లో న్యూజీలాండ్‌కు డొమీనియన్ హోదా వచ్చింది. 1924లో మరో న్యూజీలాండ్ జట్టు బ్రిటన్ వెళ్లి స్వాన్సీలో వేల్స్‌ను 19-0తో ఓడించినప్పుడు, దానిని 1905కు బదులు తీర్చుకోవడంగానే చెప్పుకొన్నారు. ఆ పర్యటనలో ఒక్క మ్యాచ్ కూడా ఓడలేదు. అయినా డీన్స్ కథ ముగియలేదు. గెలుపు లెక్క సరిచేస్తుంది కానీ సందేహాన్ని తీర్చదు.

ఈ 'మేం'లో ఎవరున్నారన్నది కూడా అడగాలి. 1905 జట్టులోని స్టెడ్ మావోరీ. 1924 జట్టులో అందరి మెప్పు పొందిన జార్జ్ నెపియా మావోరీ. 1928లో జట్టు దక్షిణాఫ్రికా వెళ్లినప్పుడు అక్కడి వర్ణవివక్షకు తలొగ్గి నెపియా వంటి మావోరీలను ఇంట్లోనే ఉంచారు. రెఫరీ చేసిన అన్యాయాన్ని తరాల పాటు తలచుకున్న సమాజమే, తన ఆటగాళ్లకు తానే చేసిన అన్యాయాన్ని అంతగా తలచుకోలేదు. ఏ ఫిర్యాదు నిలిచింది, ఏది మరుగున పడిందన్నది చూడటం మీ పనిలో భాగం.

6. గెలిచినవారి వైపు నుంచి

వేల్స్‌కు ఈ విజయం అంతే విలువైనది. బొగ్గు గనుల వల్ల దక్షిణ వేల్స్‌కు ఇంగ్లండ్ నుంచి, ఇతర చోట్ల నుంచి జనం వలస వచ్చారు. వెల్ష్ భాష రానివారు పెరిగారు. వీరందరినీ కలిపే గుర్తుగా రగ్బీ పనికొచ్చింది. ఆ రోజు వేల్స్ నాయకుడు గ్విన్ నికల్స్ పుట్టింది ఇంగ్లండ్‌లోనే! మ్యాచ్‌కు కొద్ది వారాల ముందు, అక్టోబరులో, కార్డిఫ్‌కు నగర హోదా వచ్చింది. 1907లో వేల్స్ జాతీయ గ్రంథాలయానికి, జాతీయ మ్యూజియంకు రాజపత్రాలు లభించాయి. 3-0 విజయం ఈ వరుసలో ఒక మెట్టుగా నిలిచింది. డీన్స్ ట్రై నిజమని ఒప్పుకుంటే ఆ మెట్టు కదులుతుంది. కనుక వారూ తమ మాట మీద గట్టిగానే నిలబడ్డారు.

7. 1978: ఫిర్యాదు చేతులు మారింది

1978 నవంబరు 11న, అదే కార్డిఫ్‌లో, ఆట ముగియబోతుండగా వేల్స్ 12-10 ఆధిక్యంలో ఉంది. పక్క గీత వెలుపల నుంచి విసిరిన బంతి కోసం ఇరు జట్లవారూ వరుసకట్టి పోటీపడే 'లైనౌట్'లో న్యూజీలాండ్ ఆటగాడు ఆండీ హాడెన్, ఎవరో తోసినట్టుగా బయటికి పడిపోయాడు. రెఫరీ రోజర్ క్విటెంటన్ న్యూజీలాండ్‌కు పెనాల్టీ ఇచ్చాడు. బ్రయాన్ మెకెక్నీ దానిని గోల్ చేశాడు. వేల్స్ 12-13తో ఓడింది. ఈసారి రగిలిపోవడం వేల్స్ అభిమానుల వంతు.

తాను చూసిన తప్పు హాడెన్‌కు సంబంధించినది కాదనీ, వేల్స్ ఆటగాడు జెఫ్ వీల్ మరో న్యూజీలాండ్ ఆటగాడు ఫ్రాంక్ ఆలివర్‌పై చేసినదనీ రెఫరీ వివరించాడు. అయితే ఆ పడిపోవడం ముందే అనుకున్నదని హాడెన్ తరవాత ఒప్పుకున్నాడు. ఈ మ్యాచ్‌కు టెలివిజన్ దృశ్యాలున్నాయి. అయినా వివాదం ఆగలేదు. సాక్ష్యం పెరిగితే వివాదం దానంతటదే తగ్గదని దీనివల్ల తెలుస్తోంది.

క్రికెట్ తెలిసిన మీకు మెకెక్నీ పేరు మరో చోట తగిలి ఉండవచ్చు. 1981 ఫిబ్రవరి 1న మెల్‌బోర్న్‌లో ఆస్ట్రేలియా బౌలర్ ట్రెవర్ చాపెల్ చివరి బంతిని నేల మీద దొర్లించినప్పుడు ఎదుట ఉన్న న్యూజీలాండ్ బ్యాట్స్‌మన్ ఈయనే. ఒక ఓటమిలో వేల్స్ వారు నిందించిన జట్టు మనిషి, మరో ఓటమిలో బాధితుడు.

ఒక జాగ్రత్త అవసరం. 1979 మార్చి 1న వేల్స్ ప్రజలు స్వపరిపాలన ప్రతిపాదనను భారీ ఆధిక్యంతో తిరస్కరించారు. ఈ రెండింటినీ కార్యకారణాలుగా ముడిపెట్టకండి. మైదానంలో జాతీయభావం ఉప్పొంగినంత మాత్రాన అది ఓటుపెట్టెలో కనిపించాలని లేదని మాత్రమే ఇక్కడ చెప్పగలం.

8. చరిత్రకారుల చర్చ

న్యూజీలాండ్ జాతీయ భావన ఎదగడంలో 1905 పర్యటనకు కీలక స్థానం ఉందన్న అభిప్రాయం చాలాకాలం చెలామణి అయింది. పర్యటనకు నూరేళ్లు నిండిన సమయంలో గ్రెగ్ రయన్, కరొలైన్ డేలీ వంటివారు దీనిని ప్రశ్నించారు. తరవాతి తరాలు తమ అవసరం కొద్దీ 1905కు అంత ప్రాధాన్యం కట్టబెట్టాయన్నది వారి వాదన సారాంశం. ఈ రెండు వాదనలనూ కొంతవరకు కలపవచ్చు. ఆనాటి ఉత్సాహం నిజమే. దానికి 'జాతి పుట్టిన రోజు' అన్న అర్థం తరవాత వచ్చింది. ఆ అర్థాన్ని ఏళ్ల తరబడి మోసుకొచ్చిన బండి డీన్స్ ట్రై గురించిన ఫిర్యాదు.

సారాంశం

డీన్స్ గీత దాటాడా అన్న ప్రశ్నకు ఉన్న ఆధారాలతో తీర్పు చెప్పలేం. చరిత్రకారుడి ప్రశ్న అది కాదు కూడా. ఆ ఆరు అంగుళాల కోసం ఒక దేశం ఎందుకు అంతకాలం వాదించిందన్నది అసలు ప్రశ్న. కొద్ది తేడాతో వచ్చిన ఓటమి, ఒక సమాజం తన గురించి తాను ఏమనుకుంటున్నదో బయటపెడుతుంది. అభిమాని మాటను తీర్పుగా తీసుకోకండి, కొట్టివేయకండి. సాక్ష్యంగా చదవండి.

నమూనా పరీక్ష ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1) 1905 ఓటమి పట్ల న్యూజీలాండ్ స్పందన కాలక్రమంలో ఎలా మారిందో వివరించండి.
2) 1905, 1978 వివాదాలను సాక్ష్యాల దృష్టితో పోల్చండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1) వేల్స్ సమాజానికి 1905 విజయం ఎందుకు ముఖ్యమైంది?
2) మీ ప్రాంతంలో పెద్దలు ఇప్పటికీ చెప్పుకునే ఒక ఆటపోటీ ఓటమిని తీసుకుని, ఆ కథనంలో సంఘటన ఎంతో, తరవాత చేరిన అర్థం ఎంతో వేరుచేసి రాయండి.